పాపాన్ని పాపమనడం, మనిషిని కొట్టిపారేయడం ఒకటి కాదు: ఇస్లాంలో సహనం, తీర్పు, సొంత హద్దులపై అపోహలు - వాస్తవాలు

కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో 22 ఏళ్లుగా ఇమాముగా ఉంటూ, జుమా రోజున (శుక్రవారం) అరబీ ఖుత్బాకు (నమాజుకు ముందు ఇచ్చే ప్రసంగానికి) ముందు తెలుగులో ప్రసంగం చేస్తున్నాను. నమాజు ముగిశాక నన్ను ఆపి అడిగే ప్రశ్నలలో తమ ఆరాధన గురించినవి తక్కువ, ఎదుటివారి గురించినవి ఎక్కువ. "మా బావమరిది నమాజు చదవడు, వాళ్లింట్లో భోంచేయవచ్చా హజ్రత్?" అని ఒకరు, "దర్గాకు వెళ్లేవాడి వెనుక నమాజు చెల్లుతుందా?" అని ఇంకొకరు, "పక్కింటి వదినగారు ప్రసాదం పట్టుకొచ్చారు, ఏం చేయాలి?" అని వేరొకరు అడుగుతారు. ధర్మం నాకు గీసిన హద్దుతో ఎదుటివాడిని కొలవవచ్చా అన్నదే వీటన్నింటిలోనూ ఉన్న అసలు ప్రశ్న. దీని చుట్టూ అల్లుకున్న కొన్ని అపోహలు ముస్లింలలోనూ ఉన్నాయి, ముస్లిమేతరులలోనూ ఉన్నాయి.

అపోహ: ఒక పనిని పాపమన్నామంటే ఆ మనిషి మీద తీర్పు చెప్పేసినట్టే.

ఈ ఒక్క అపోహ రెండు వ్యతిరేక దారులకు తీసుకుపోతుంది. కొందరు మనిషిని నొప్పించకూడదన్న భయంతో పాపాన్ని పాపమనడమే మానుకుంటారు. ఇంకొందరు పాపాన్ని ఖండించే ఉత్సాహంలో ఆ మనిషికి నరకాన్ని ఖాయం చేసేస్తారు. ఇస్లాం ఈ రెండింటినీ ఒప్పుకోదు. బుఖారీ సంకలనంలో ఉన్న ఒక హదీసును (ప్రవక్త మాటలు, పనుల గురించిన కథనాన్ని) ప్రతి ఏడాదీ ఒక్కసారైనా మస్జిదులో చదివి వినిపిస్తాను. దైవప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో అబ్దుల్లాహ్ అనే ఒకాయన ఉండేవారు, ప్రవక్తను నవ్విస్తూ ఉండేవారు. ఆయన మద్యం తాగి పట్టుబడ్డారు, శిక్ష పడింది, మళ్లీ తాగి మళ్లీ పట్టుబడ్డారు. ఒక రోజు అక్కడున్న వారిలో ఒకరు విసుగెత్తి, "ఎన్నిసార్లు పట్టుకొస్తారు ఇతన్ని! ఇతని మీద అల్లాహ్ శాపం పడుగాక" అన్నారు. "అతన్ని శపించకండి; అతను అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తాడన్నది నాకు తెలుసు" అని ప్రవక్త (స) వారించారు. మద్యం హరాం (నిషిద్ధం) అన్న మాట అక్కడ సడలలేదు, శిక్షా ఆగలేదు. అయినా ఆ మనిషి హృదయంలో ఇంకేమీ లేదని చెప్పే అధికారం మాత్రం ఎవరికీ దక్కలేదు.

ఇమామ్ ముస్లిం కూర్చిన సంకలనంలోని మరో హదీసు ఇంకా కఠినమైనది. ఒక మనిషి మరొకరి గురించి "అల్లాహ్ మీద ఒట్టు, అల్లాహ్ ఇతన్ని క్షమించడు" అన్నాడు. "నేను క్షమించనని నా మీద ఒట్టు పెట్టడానికి ఇతనెవరు? ఆ రెండోవాడిని క్షమించాను, ఒట్టు పెట్టిన నీ ఆచరణలను వృథా చేశాను" అని అల్లాహ్ సెలవిచ్చాడని ప్రవక్త (స) తెలిపారు. ఒట్టు పెట్టినవాడు ధర్మం పట్ల పట్టుదల ఉన్నవాడే అయి ఉంటాడు. అతను దాటిన హద్దు తాగుడు వంటిది కాదు, దైవం చేతిలోని తీర్పును తన చేతిలోకి తీసుకోవడం.

మరి మనుషుల మధ్య న్యాయం ఎలా జరగాలి? ఖలీఫా (ప్రవక్త తర్వాత ముస్లింల పాలకుడు) ఉమర్ (ర) దీనికి సూటిగా జవాబిచ్చారు: దైవవాణి దిగే కాలం ముగిసింది, ఇప్పుడు మీ పనులలో పైకి కనిపించేవాటిని బట్టే మిమ్మల్ని చూస్తాం, లోపలి లెక్క అల్లాహ్ చూసుకుంటాడు. అప్పు ఎగ్గొట్టినవాడిని అప్పు ఎగ్గొట్టాడనే అంటాం, సాక్ష్యం చూస్తాం, బాకీ వసూలు చేయిస్తాం. కానీ "వీడి ఈమాన్ (విశ్వాసం) ఎంతో నాకు తెలుసులే" అన్న మాటకు చోటు లేదు.

అపోహ: చెడును అడ్డుకోవడం విధి కనుక, ఎవరింట్లో ఏం జరుగుతోందో కనిపెట్టడం కూడా ధర్మకార్యమే.

మంచిని ప్రోత్సహించడం, చెడును నివారించడం విశ్వాసి బాధ్యత అన్న మాట నిజం. చెడును చూసినవాడు చేతితో మార్చాలి, చేతకాకపోతే నోటితో, అదీ చేతకాకపోతే మనసులో దాన్ని ఏవగించుకోవాలి అన్న హదీసు అందరికీ కంఠతా వచ్చు. అయితే అందులో "చూసినవాడు" అన్న మాట దగ్గర ఎవరూ ఆగరు. చూసినవాడికే ఆ బాధ్యత, వెదికిపట్టినవాడికి కాదు. ప్రసిద్ధ పండితుడు ఇమామ్ గజాలీ (మరణం హిజ్రీ 505) ఇందుకు షరతులు చెప్పారు: అది నిజంగా చెడు అయి ఉండాలి, ఇప్పుడు జరుగుతున్నదై ఉండాలి, కూపీ లాగకుండానే బయటపడినదై ఉండాలి, పండితుల మధ్య భిన్నాభిప్రాయం ఉన్న విషయం కాకూడదు. ఇక "చేతితో" అన్నది ఎవరి అధికార పరిధిలో వారికే, అంటే ఇంట్లో తల్లిదండ్రులకు, రాజ్యంలో ప్రభుత్వానికి వర్తిస్తుందన్నది పండితులలో చాలామంది చెప్పిన వివరణ. వీధిలో నలుగురు కుర్రాళ్లు కలిసి ఎవరినో నిలదీయడానికి ఈ హదీసులో ఆధారం లేదు.

గజాలీయే ఉటంకించిన ఉదంతం ఒకటుంది. ఉమర్ (ర) ఒక రాత్రి ఒక ఇంటి గోడ ఎక్కి, లోపల ఒకడు పాపంలో మునిగి ఉండడం చూసి మందలించారు. ఆ మనిషి, "నేను అల్లాహ్ ఆజ్ఞను ఒకదాన్ని మీరాను, మీరు మూడింటిని మీరారు. కూపీలు లాగవద్దన్నాడు, లాగారు, ఇళ్లలోకి ద్వారం గుండా రమ్మన్నాడు, గోడెక్కారు, అనుమతి తీసుకుని, సలాం చెప్పనిదే పరుల ఇళ్లలో అడుగు పెట్టవద్దన్నాడు, మీరు సలాం చెప్పలేదు" అని బదులిచ్చాడు. తౌబా (పశ్చాత్తాపం) చేసుకుంటానన్న మాట తీసుకుని ఉమర్ అతన్ని వదిలిపెట్టారు. అంతటి ఖలీఫా ఒక పాపి ముందు తన తప్పును ఒప్పుకున్నారన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

ఆ మనిషి చెప్పిన మొదటి ఆజ్ఞ ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) హుజురాత్ 12వ ఆయత్‌ (వాక్యం)లోనిది. అతి అనుమానాలకు దూరంగా ఉండండి, కూపీలు లాగకండి, ఒకరి వీపు వెనుక మరొకరు చెడు చెప్పుకోకండి అని అందులో ఉంది. అలా చెప్పుకోవడం చనిపోయిన సోదరుడి మాంసం తినడం లాంటిదని కూడా ఉంది. నేడు గోడ ఎక్కనక్కర లేదు. అల్లుడి ఫోను తెరిచి చూడడం, ఎవరో పెట్టిన ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి జమాత్ వాట్సాప్ గ్రూపులో వేయడం చాలు. "ఉన్నదే కదా చెప్పాను హజ్రత్" అంటారు. సహాబాలు (ప్రవక్త అనుచరులు) కూడా సరిగ్గా ఇదే అడిగారు. ఉన్నది చెబితేనే అది గీబత్ (చాటుగా చెడు చెప్పడం), లేనిది చెబితే అపనింద అవుతుందని ప్రవక్త (స) జవాబిచ్చారు. ఇక స్త్రీల శీలం మీద నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి సూరా నూర్ 80 కొరడా దెబ్బలు విధించి, వారి సాక్ష్యం ఇకపై చెల్లదని తీర్మానించింది. ఆడపిల్లల గురించి నోరు జారేవారు ఈ ఆయత్‌ను ఒకసారి చదవాలి.

దీనికి విరుద్ధంగా "నీ సంగతి నువ్వు చూసుకో, ఎవరేం చేస్తే నీకేం" అనడానికి సూరా మాయిదా 105వ ఆయత్‌ను వాడుకునేవారూ ఉన్నారు. ఆ ఆయత్‌ను తగని చోట వాడుతున్నారని మొదటి ఖలీఫా అబూబక్ర్ (ర) ఆనాడే హెచ్చరించారు. కళ్లెదుట ఒకడు మరొకడిపై దౌర్జన్యం చేస్తుంటే చూస్తూ ఊరుకోవడాన్ని సహనం అనరు.

అపోహ: నేను మానుకున్నది అందరూ మానుకోవాలి.

మా ప్రాంతంలో దీనికి రొయ్య కంటే మంచి ఉదాహరణ దొరకదు. తెలుగు ముస్లింలలో అధికులు హనఫీలు. హనఫీ మద్హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) ప్రకారం నీటి జీవులలో చేప మాత్రమే హలాల్. రొయ్య చేపల కోవలోకి వస్తుందా రాదా అన్నదానిపై హనఫీ పండితులలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. మిగతా మూడు మద్హబ్‌లలో రొయ్యకు అభ్యంతరమే లేదు. యెమెన్ నుంచి వచ్చి హైదరాబాద్ బార్కస్‌లో స్థిరపడిన కుటుంబాలు షాఫియీలు (ఆ మూడింటిలో ఒక మద్హబ్ వారు), వారు నిశ్చింతగా తింటారు. రొయ్యల చెరువుల మధ్య బతికే మా జిల్లాలో ఒక పెళ్లి విందులో, రొయ్యల వేపుడు వడ్డించారని ఒక పెద్దాయన విస్తరి ముందు నుంచి లేచి, "ఇక్కడంతా హరాం తింటున్నారు" అని గట్టిగా అనేశారు. పెళ్లికూతురి తండ్రి ముఖం నాకింకా గుర్తుంది. ఆ పెద్దాయన రొయ్య మానుకోవడం ఆయన తఖ్వా (దైవభీతి), దానిని నేను మనసారా గౌరవిస్తాను. నేనూ తినను. కానీ పండితులు వెయ్యేళ్లకు పైగా భిన్నాభిప్రాయంతో వదిలిన విషయంలో ఎదుటివాడి విస్తరిని హరాం అనే హక్కు ఆయనకు లేదు.

హలాల్ స్పష్టం, హరాం స్పష్టం, ఆ రెంటి నడుమ అస్పష్టమైనవి ఉన్నాయి, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ పరువునూ కాపాడుకున్నాడు అన్న హదీసు వ్యక్తిగత హద్దులకు పునాది. "తన" అన్న మాట అందులోనే ఉంది. బ్యాంకు ఉద్యోగం వదులుకున్నవాడు, సంగీతం మానుకున్నవాడు, ఫొటో దిగనివాడు తన జాగ్రత్తకు ప్రతిఫలాన్ని అల్లాహ్ దగ్గర ఆశించవచ్చు. ఆ జాగ్రత్తను బంధువులను తూచే తక్కెడగా మార్చుకోకూడదు.

అపోహ: సహనం అంటే అన్ని విశ్వాసాలూ ఒకటేనని ఒప్పుకోవడం.

ఈ మాట సదుద్దేశంతోనే అంటారు కానీ ఇస్లాం చెప్పేది ఇది కాదు, అలా నటించడం నిజాయితీ కూడా కాదు. "మీ ధర్మం మీకు, నా ధర్మం నాకు" అన్న ఆయత్ ఉన్న సూరా కాఫిరూన్ అంతా తేడాను తేటతెల్లం చేసేదే. తేడా ఉన్న చోటే కదా సహనం అవసరమయ్యేది. ధర్మం విషయంలో బలవంతం లేదని, వారు పూజించేవారిని దూషించకండని, ధర్మం విషయంలో మీతో పోరాడని, మిమ్మల్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టని వారి పట్ల మంచిగా, న్యాయంగా ఉండడాన్ని అల్లాహ్ వారించడని ఖురాన్ వేర్వేరు చోట్ల చెప్పింది. అబూబక్ర్ కూతురు అస్మా (ర) వద్దకు విగ్రహారాధకురాలైన తల్లి వచ్చినప్పుడు, ఆమెతో బంధుత్వం నిలుపుకోవచ్చా అని అస్మా అడిగితే, నిలుపుకోమనే ప్రవక్త (స) చెప్పారు. ఒక యూదుని శవయాత్ర వెళ్తుండగా ఆయన లేచి నిలబడ్డారు, అది యూదునిదని ఎవరో గుర్తుచేస్తే, "అదీ ఒక ప్రాణం కాదా?" అన్నారు.

పూర్వపు న్యాయగ్రంథాలలో మతం వదిలినవారికి శిక్ష ఉంది కదా అని చదువుకున్న యువకులు అడుగుతారు. ఉంది, దాన్ని దాచనవసరం లేదు. అది తిరుగుబాటుకు, ద్రోహానికి ముడిపడిన శిక్షా, కేవలం విశ్వాసం మారినందుకా అన్నదానిపై పండితుల మధ్య చర్చ నేటికీ సాగుతోంది. ఆ గ్రంథాలలో కూడా అది న్యాయస్థానం పరిధిలోని విషయమే తప్ప, ఏ వ్యక్తీ తనంతట తాను చేతిలోకి తీసుకునేది కాదు.

ఇక ప్రసాదం. దేవతకు నైవేద్యం పెట్టినది తినరాదని మా పండితులలో చాలామంది చెబుతారు, నేనూ అదే చెబుతాను. అయితే తలుపు వేసుకోమనో, వెనక్కి తిరిగాక పారేయమనో చెప్పను. "మా ధర్మంలో నైవేద్యం పెట్టినది మేం తినం వదినా, వేరేగా అనుకోకండి, టీ పెట్టండి, వచ్చి తాగుతాను" అని ముఖం మీద నవ్వుతో ఒకసారి చెబితే, నాకు తెలిసిన ఏ ఇంటా గొడవ కాలేదు. ఆ ఇల్లు శాకాహారులదైతే, బక్రీదుకు మనం వాళ్లకు మాంసం పంపం, పండ్లు పంపుతాం. మన హద్దును వారు గౌరవించాలని కోరినప్పుడు వారి హద్దును మనం గుర్తుంచుకోవడం న్యాయం.

అపోహ: ఆచారాలు, భాష తేడాగా ఉంటే వాళ్లు అసలైన ముస్లింలు కారు.

దీని గురించి మాట్లాడేటప్పుడు నా గొంతు కొంచెం మారుతుంది, ఎందుకంటే నేను నూర్‌బాషా (దూదేకుల) ఇంట పుట్టినవాడిని. దూది ఏకిన మా తాతలకు ఉర్దూ రాదు, ఇంట్లో తెలుగే. చదువు కోసం దూరాన ఒక మదరసాకు వెళ్లినప్పుడు తోటి విద్యార్థులు నన్ను సగం ముస్లిం అని పిలిచేవారు. ఎగతాళి చేయకండి, ఎవరిని ఎగతాళి చేస్తున్నారో వారే మీకంటే మేలైనవారై ఉండవచ్చు, చెడ్డ పేర్లు పెట్టి పిలవకండి అన్న హుజురాత్ 11వ ఆయత్‌ను మేమందరం ఆ తరగతిలోనే కంఠస్థం చేశాం. మీ భాషలు, మీ రంగులు వేరువేరుగా ఉండడం అల్లాహ్ సూచనలలో ఒకటని సూరా రూమ్ అంటోంది.

రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో హిందువులు, ముస్లింలు కలిసి చేసుకునే పీర్ల పండుగ ఆచారాలకు షరీఅత్‌లో ఆధారం లేదని నేను అనుకుంటాను, అడిగితే ఆ మాటే చెబుతాను. కానీ పీరుకు మొక్కే ముసలమ్మను కాఫిర్ (అవిశ్వాసి) అనే ధైర్యం నాకు లేదు. సోదరుణ్ణి కాఫిర్ అని పిలిస్తే ఆ మాట ఇద్దరిలో ఒకరి మీద పడి తీరుతుందని హదీసు ఉంది. యుద్ధంలో ఒకడు కలిమా (ఇస్లాం విశ్వాస ప్రకటన) పలికాక కూడా, ప్రాణభయంతో పలికాడనుకుని సహాబీ ఉసామా (ర) చంపేస్తే, "అతని గుండె చీల్చి చూశావా?" అని ప్రవక్త (స) అడిగారు. అప్పుడు తానింకా ఇస్లాం స్వీకరించి ఉండకపోతే బాగుండునని ఉసామా అనుకున్నారట.

అపోహ: చేసిన పాపాన్ని ఇమాముకు చెప్పుకుంటేనే భారం దిగుతుంది.

చెప్పుకోనవసరం లేదు. రాత్రి వేళ తలుపు తట్టి చెప్పబోయేవారిని నేనే ఆపుతాను. తౌబా దాసుడికీ దైవానికీ మధ్య జరిగేది. మాయిజ్ అనే ఆయన వ్యభిచారం చేశానని తనంతట తానే వచ్చి ఒప్పుకున్నప్పుడు ప్రవక్త (స) పదే పదే ముఖం తిప్పుకున్నారు. అతన్ని పంపిన హజ్జాల్‌తో, "నీ వస్త్రంతో అతన్ని కప్పి ఉంటే నీకు మేలు జరిగేది" అన్నారు. ఇతరుల హక్కు ముడిపడిన పాపానికి మాత్రం ఈ దారి సరిపోదు. మొన్న ఒక కుర్రాడు యజమాని గల్లా నుంచి కొంత సొమ్ము తీశానని చెప్పబోతే, ఎంత, ఎప్పుడు అన్నవి నాకు వద్దన్నాను. వివరం చెప్పకపోయినా ఫర్వాలేదు, సొమ్ము మాత్రం పైసలతో సహా ఆ యజమాని చేతికి చేరాలన్నాను. రెండు నెలల జీతంలో మిగిల్చి, తిరిగి గల్లాలో పెట్టాడు.