చెరువు సీటు కింద ఉంది

పిల్లలూ,

మొన్న ఆదివారం మా పక్కింటి పెద్దాయన తన 1923 నాటి ఫోర్డ్ మోడల్ టీ కారును మా వీధి చివరి ఎత్తు మీదికి వెనక్కి ఎక్కించడం మీరంతా చూశారు. "తాతయ్యా, దానికి ముందుకెళ్లడం రాదా?" అని చిన్నది అడిగింది. నవ్వి ఊరుకున్నాను గానీ అది నవ్వి ఊరుకోవాల్సిన ప్రశ్న కాదు.

మన ఊరి చెరువును తలచుకోండి. తూము ఎత్తితే నీళ్లు వాటంతటవే కాలువలో పడి మడికి చేరతాయి. ఎవరూ తోడి పొయ్యక్కర్లేదు. నీరు పల్లమెరుగు కదా! ఆ కారులో చెరువు ముందుసీటు కింద ఉంది. అదే పెట్రోలు ట్యాంకు, 10 గ్యాలన్లు పడుతుంది. పొలమేమో ముందున్న ఇంజను. మధ్యలో పంపు లేదు. సన్నటి గొట్టంలో పెట్రోలు జారుకుంటూ కార్బురేటరుకు, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగానికి, చేరాల్సిందే. ఎత్తు ఎక్కేటప్పుడు కారు ముక్కు పైకి లేస్తుంది, పొలం కాస్తా మెరకైపోతుంది. చెరువు నిండుగా ఉంటే మెరకకూ అందుతుంది. అడుగంటితే మొదట ఎండేది మెరకే. ఇంజను ఆగిపోతుంది. కారును తిప్పి వెనక్కి ఎక్కించారా, పొలం మళ్లీ పల్లంలోకొస్తుంది. పైగా ఆ కారు వెనక గేరుకు ముందు గేర్ల కంటే బలమెక్కువ.

మా మడి కాలువకు చిట్టచివర ఉండేది. మా వంతు నీళ్లు అర్ధరాత్రి వచ్చేవి. ఎవరూ గండి కొట్టకుండా నాన్న నా చేతికి లాంతరిచ్చి గట్టు మీద కూచోబెట్టేవాడు. తెల్లవారాక నీరటి వచ్చి చెరువులో కర్ర ముంచి చూసి, "ఇంకా రెండు తడులకొస్తాయి" అనేవాడు. ఆ మాట కోసం ఊరంతా చెవులు రిక్కించేది. ఇక్కడ పక్కింటాయన సీటు ఎత్తి, మూత తీసి, చెక్కపుల్ల ముంచి పెట్రోలు ఎంతుందో చూస్తే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ కారులో పెట్రోలు చూపే ముల్లు లేదు మరి.

ఉద్యోగం మానాక రెండు శీతాకాలాలు ఆయన గరాజులో కూచుని ఆ కారును విప్పాం, తోమాం, బిగించాం. ట్యాంకు కడగకుండానే పెట్రోలు పోద్దామని తొందరపెట్టింది నేనే. ఎత్తు మధ్యలో ఇంజను ఆగింది. ట్యాంకు కింద మడ్డి దిగే చిన్న గిన్నె తుప్పుతో పూడిపోయింది. పూడిక తీయని చెరువు! ఏ పనిలోనైనా ముందు అడుగు శుభ్రం చేసుకోండి, నాయనా.

ఇంజనులో నిప్పురవ్వ ఎలా పుడుతుందో కూడా రాద్దామనుకున్నాను. చెక్కపెట్టెలో నాలుగు కాయిల్స్, అంటే ఆ రవ్వను పుట్టించే తీగచుట్టలు, తుమ్మెదల్లా జుమ్మంటాయి. ఆ చప్పుడు కాగితం మీదికి రాదు, చెవి దగ్గర పెట్టి వినాల్సిందే.

సెప్టెంబరులో ఇక్కడ అమెరికాలో, మిషిగన్ రాష్ట్రం డియర్‌బోర్న్‌లోని గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అనే ఆరుబయట మ్యూజియంలో పాత కార్ల తిరునాళ్లు జరుగుతాయి. మీ నాన్నలను లాక్కుని వెళ్లండి. సీటు ఎత్తి చూపించమని అక్కడి పెద్దవాళ్లను మర్యాదగా అడగండి. తర్వాత 1926 మోడల్ టీ ఎక్కడుందో వెతకండి. వాటిలో చాలావాటికి సీటు కింద ఏమీ ఉండదు. చెరువు ఎక్కడికి పోయిందో చూసొచ్చి నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య