అన్నంలోకి కూరా, కూరలోకి అన్నమా?

చిరంజీవులు బుజ్జికీ, చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిట్టి అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. నాలుగు ముక్కల్లో తేలేది కాదని ఊరుకున్నాను. "మనం మాంసం తినం, గుడ్డు కూడా తినం కదా తాతయ్యా, మరి నాన్నకి అంత పొట్ట ఎందుకొచ్చింది? షుగర్ అంచుల్లో ఉందని డాక్టరుగారు ఎందుకన్నారు?" అని కదూ అడిగావు. చాలా మంచి ప్రశ్న తల్లీ. పెద్దవాళ్ళు కూడా అడగాల్సిందే.

శాకాహారం అన్న మాటలో శాకం ఉంది. శాకమంటే కూర. పూరీ శాకాహారమే, మైసూరు బజ్జీ శాకాహారమే, సకినాలూ బిస్కట్లూ అన్నీ శాకాహారమే, కానీ వాటిలో శాకం ఎక్కడుంది? మాంసం మానేసినంత మాత్రాన ఒళ్ళు తేలికపడదు. కంచంలో శాకం ఎంత ఉందన్నదే లెక్క.

ముందు గాదె సంగతి చెబుతాను. మీరు చూసి ఉండరు. వెదురుతో నిలువెత్తు బుట్టలా అల్లి, పేడా మట్టీ కలిపి మెత్తి, ఇంట్లో ఓ మూల నిలబెట్టేవాళ్ళు. పైనుంచి ధాన్యం పోయడం, కింద చిన్న కంతలోంచి తీసుకోవడం. వంటింట్లో మాత్రం ఏ రోజుకారోజు వాడే బియ్యానికి చిన్న డబ్బా ఉండేది.

మన ఒంట్లోనూ ఓ డబ్బా, ఓ గాదె ఉన్నాయి. డబ్బా ఉండేది లివర్‌లోనూ కండరాల్లోనూ. తిన్న అన్నం చక్కెరగా మారి, గ్లైకోజెన్ అనే రూపంలో అక్కడ దాగుతుంది. అందులో పట్టేది అరకిలోకి అటూ ఇటూగా, అంతే. ఒంటికి ఖర్చు కాకుండా మిగిలిన తిండి చివరికి కొవ్వై గాదెలో చేరుతుంది. డబ్బాకి మూత ఉంది గాని గాదెకి హద్దు లేదు, నింపినకొద్దీ పెరుగుతుంది. నాన్న పొట్ట అదే.

తగ్గాలనుకునేవాళ్ళు చాలామంది మోసపోయేది ఇక్కడే. డబ్బాలో ప్రతి గ్రాము గ్లైకోజెన్ పక్కనా 3 గ్రాముల దాకా నీళ్ళు ఉంటాయి. అన్నం బాగా తగ్గించిన మొదటి వారంలో డబ్బా ఖాళీ అవుతుంది, నీళ్ళూ పోతాయి, కాటా రెండు కిలోలు తక్కువ చూపిస్తుంది. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. గాదె ఇంకా కదల్లేదు! రెండో వారంలో కాటా ఆగిపోతుంది, విసుగొచ్చి మళ్ళీ మామూలుగా తింటారు, డబ్బా నిండుతుంది, రెండు కిలోలూ తిరిగొస్తాయి. "నా ఒంటితత్వమే ఇంత" అని వదిలేస్తారు. ఒంటితత్వం తప్పేమీ లేదు. గాదె కరగడానికి వారాలు పడుతుంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి మరి.

ఇంకోటి. గాదెలోకి ధాన్యం పోస్తున్నంతసేపూ కింది కంత మూసే ఉంచుతారు. తిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ఇన్సులిన్ చేసే పనుల్లో అదొకటి. గంటగంటకీ ఓ బిస్కట్టు, ఓ టీ, గుప్పెడు మిక్చరు అంటూ నములుతుంటే కంత తెరుచుకునే వేళే ఉండదు. టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం, సాయంత్రం ఓ పండో గ్లాసు మజ్జిగో, వీటి మధ్య మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు.

మరీ తొందరపడి అన్నం, పప్పు అన్నీ మానేస్తే ఏమవుతుంది? పొయ్యిలోకి ఇంటి దూలాలే విరిచి పెట్టుకున్నట్టవుతుంది. కండరాలు కరుగుతాయి. కండరాలకి కావలసిన మాంసకృత్తులు (ప్రోటీన్లు) పప్పులో ఉంటాయి, అందుకే ఎంత తగ్గించినా పప్పు తగ్గించకూడదు.

ఇక నాన్న కంచం చూద్దాం. మన భాషలోనే ఉంది చూడండి, "ఇవాళ అన్నంలోకి ఏం చేశారు?" అని అడుగుతాం. అన్నం అసలు, కూర దానికి తోడన్నమాట. కూరతో ఓసారి, పప్పుతో ఓసారి, చారుతో ఓసారి, పెరుగుతో ఓసారి, నాలుగుసార్లూ కలిపేది అన్నమే. ఆవకాయ ఉంటే చెప్పక్కర్లేదు, ఒక్క ముక్కతో పెద్ద పెద్ద ముద్దలు నాలుగు వెళ్ళిపోతాయి.

రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు తీసి చూడండి. అది 180 మిల్లీలీటర్లది, అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడతాయి. అంటే 525 కేలరీలు. నాన్న పూటకి ఆ కప్పు బియ్యం అన్నం తింటున్నాడని అమ్మ చెప్పింది. దాన్ని అరకప్పు చేయండి. తీసేసిన అన్నం చోటు ఖాళీగా ఉంచితే మాత్రం రాత్రి పదింటికి ఆకలేసి డబ్బాలు వెతుక్కుంటాడు. ఆ చోట్లోకి 200 గ్రాముల కూర రావాలి. కంచంలో ముందు కూర పెట్టండి, ఓ పెద్ద కప్పు నిండా. తరవాత పప్పు. కూర సగం తిన్నాకే అన్నం ముట్టుకోవాలి. అదే తిండి, అంతే తిండి తిన్నా కూర ముందు, అన్నం తరవాత తింటే రక్తంలో చక్కెర నిదానంగా పెరుగుతుంది. అన్నం రెండుసార్లే కలపాలి, పప్పుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి. చారు గ్లాసులో పోసుకుని తాగేయొచ్చు. రెండు పూటలా ఇలా చేస్తే అన్నంలో 525 తగ్గుతాయి, పెరిగిన కూరకి ఓ 175 పోయినా రోజుకి 350 మిగులుతాయి. నెలకి కిలో పైచిలుకు, అదీ గాదెలోంచి.

రాత్రి అన్నం మానేసి చపాతీ తింటే చాలదా అని నాన్న అంటాడు. మూడు చపాతీలకి 90 గ్రాముల పిండి, 300 కేలరీలకి పైనే, కాల్చే నూనె వేరే. కొర్రలూ సామలూ అంతే. పీచు ఎక్కువ, మంచివే, కానీ గ్రాముకి గ్రాము లెక్క కడితే బియ్యానికీ వాటికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు. కొర్రన్నం కదా అని రెండుసార్లు వడ్డించుకుంటే గాదెకి తేడా తెలియదు.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో వాళ్ళిచ్చిన సూచనల్లో రోజుకి 2,000 కేలరీలు కావలసిన మనిషికి ఇలా చెప్పారు: కూరగాయలూ ఆకుకూరలూ 400 గ్రాములు (బంగాళాదుంప లెక్కలోకి రాదు), పండ్లు 100, బియ్యం గోధుమల్లాంటి ధాన్యాలు 250, పప్పులు 85, పాలు పెరుగు కలిపి 300 మిల్లీలీటర్లు, పల్లీల్లాంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. ఈ లెక్కన నలుగురికి వారానికి 11 కిలోల కూరగాయలు కావాలి. మీ ఇద్దరికీ కాస్త తక్కువ వేసుకున్నా 9 కిలోలు. ఆదివారం రైతుబజారు నుంచి వచ్చిన సంచులు ఓసారి కాటా మీద పెట్టండి. ఆకుకూర కట్టల సంచి విడిగా.

కూర పెంచితే నూనె కూడా పెరుగుతుందేమోనన్నదే అసలు చిక్కు. గ్రాము నూనెకి 9 కేలరీలు. పెద్ద చెంచాడు నూనెకి 120, నాన్న అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే. కాబట్టి వండే తీరు మార్చాలి, అమ్మకి ఇది చదివి వినిపించండి. బీరకాయ, సొరకాయ, పొట్లకాయ లాంటివాటికి ముందే ఉప్పు వేసి, మూతపెట్టి, సన్నని సెగ మీద ఉంచితే వాటి నీళ్ళతోనే మగ్గుతాయి. అరకిలోకి రెండు టీ చెంచాల నూనె చాలు. బెండకాయ దీనికి తలకిందులు. తడి తగిలితే జిగురొస్తుంది, ఆ జిగురు విరగడానికని నూనె పోస్తూ పోతారు. కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, అప్పుడు తరిగి, మందపాటి మూకుట్లో మూత లేకుండా వేయించి, ఉప్పు ఆఖర్న వేయాలి. వంకాయ నూనెని దూదిలా పీల్చేస్తుంది; ముక్కల్ని ముందు ఆవిరి మీద ఉడికించి తరవాత తిరగమోతలో వేస్తే పీల్చుకోదు.

ఆకుకూర పప్పుకి నలుగురికి కందిపప్పు 125 గ్రాములు, తోటకూరో పాలకూరో 400 గ్రాములు. పప్పు మెత్తబడ్డాకే చింతపండు వేయాలి, ముందే వేస్తే పులుపుకి పప్పు ఉడకదు. గోంగూర అయితే అదే పులుపు కనుక విడిగా ఉడికించి కలపాలి.

నూనె ప్యాకెట్ కత్తిరించిన రోజు దాని మీదే తేదీ రాయండి, ఇది మీ ఇద్దరి పని. మనిషికి నెలకి అరలీటరు దాటకపోతే రోజుకి 15 గ్రాములు పడుతున్నట్టు. నాన్నకి అంతే చాలు. పాలు కూడా చూడండి: ఫుల్ క్రీమ్ పాలల్లో వెన్న 6 శాతం, టోన్డ్ పాలల్లో 3 శాతం.

ఉదయం పెసరట్టు మించింది లేదు. మనిషికి 50 గ్రాముల పెసలు, గుప్పెట్లో పట్టినన్ని. ఆరేడు గంటలు నానాక పొట్టుతోనే రుబ్బి, అల్లం పచ్చిమిర్చి వేసి, టీ చెంచాడు నూనెతో కాల్చితే 11 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. మాంసకృత్తులు అన్న పేరు చూసి మాంసంలోనే ఉంటాయనుకోకండి. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి, నాన్న ఎత్తుకి తగ్గ బరువు 65 కిలోలనుకుంటే 54 గ్రాములు. కూడి చూడండి: పెసరట్టులో 11, రెండు పూటలా 30 గ్రాముల చొప్పున పప్పులో 13, బియ్యంలో 12, పాలూ పెరుగులో 10, గుప్పెడు పల్లీల్లో 5, కూరల్లో ఓ 6. సరిపోయాయి కదూ! పెసరట్టులో ఉప్మా పెట్టిస్తే మాత్రం రెండు టిఫిన్లు తిన్నట్టు.

దంపుడు బియ్యం గురించి కాస్త చెప్పనివ్వండి. మా చిన్నతనంలో పల్లెల్లో ఇంకా రోళ్ళు, రోకళ్ళు ఉండేవి. ఆడవాళ్ళు ఇద్దరేసి ఎదురెదురుగా నిలబడి, ఒకరి తరవాత ఒకరు రోకలి వేస్తూ పాడుకుంటూ దంచేవాళ్ళు. ఆ బియ్యం ఎర్రగా ఉండేవి, నమిలితే తియ్యగా ఉండేవి. మిల్లులొచ్చి తెల్లగా పాలిష్ పట్టాక తవుడు గేదెలకి వెళ్ళింది, బలమూ దానితోనే వెళ్ళింది. తెల్లబియ్యమే తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తా వైపు, బెరిబెరి అనే జబ్బు ఉండేది. తవుడుతో పాటు పోయిన బి1 విటమినే కారణం. ఆ జబ్బు ఆరా తీయడానికి 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ తరలి వచ్చింది. ఇందాక చెప్పిన తార్నాక సంస్థ అదే. బియ్యపుగింజ మీద ఆ పల్చటి పొర ఎంత పని చేయించిందో చూడండి.

జాగ్రత్తలు కూడా వినండి. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. మనకి పాలూ పెరుగే ఆధారం, అదీ ఒక్కోసారి చాలదు. కాళ్ళు తిమ్మిర్లెక్కడం, నాలుక మండటం, ఊరికే నీరసం ఉంటే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మకాయ పిండుకోవాలి, భోజనం అయ్యాక గంట దాకా టీ తాగకూడదు. పెద్దమ్మ షుగర్ మాత్రలు వేసుకుంటోంది కనుక ఆవిడ డాక్టరుని అడక్కుండా అన్నం సగం చేయకూడదు. మాత్ర అదే ఉండి అన్నం తగ్గితే కొన్ని మాత్రలతో చక్కెర పడిపోయి చెమటలు పట్టొచ్చు, చేతులు వణకొచ్చు.

ఈ లెక్కలన్నీ నాన్నకి, మీకు కాదు. ఎదిగే పిల్లలు తగ్గాలని తిండి మానకూడదు. మీరు ఆకలి తీరా తినండి, రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడండి, కూల్‌డ్రింక్ ఇంట్లోకి రానివ్వకండి. 300 మిల్లీలీటర్ల సీసాలో 30 గ్రాములకి పైనే పంచదార ఉంటుంది. నాన్నని లావని ఏడిపించకండి, ఎవర్నీ ఏడిపించకండి. అలా అనిపించుకున్న మనిషి చాటుగా తింటాడు. బదులుగా ఆదివారం పొద్దున్నే, టిఫిన్ కాకముందు, నాన్న ఊపిరి వదిలాక బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. క్యాలెండర్ వెనక రాయండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదు, ఆడవాళ్ళకి 80. బరువు కూడా వారానికి ఒక్కసారే చూడండి, రోజూ చూస్తే ఉప్పూ నీళ్ళే పైకీ కిందికీ ఆడిస్తాయి. నాన్న 78 కిలోలున్నాడు, ముందు 4 కిలోలు తగ్గితే చాలు, ఎన్ని నెలలైనా పట్టనీయండి.

ఇవాళ రాత్రి ఓ పని చేయండి. గుప్పెడు పెసలు కడిగి నానబెట్టండి. పొద్దున్నే నీళ్ళు పూర్తిగా వంపేసి, తడి నూలుగుడ్డలో వదులుగా మూటగట్టి, వంటింట్లో నీడన వేలాడదీయండి. సాయంత్రం కాసిని నీళ్ళు చిలకరించండి. మూటలో నీళ్ళు నిలిస్తే జిగురు పట్టి పుల్లటి వాసన వేస్తుంది, అలాంటివి పారేయండి. మర్నాటికి మొలకలొస్తాయి. ఐదు నిమిషాలు ఆవిరి పట్టించి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపి నాన్నకి పెట్టండి.

ఎండు పెసల్లో సి విటమిన్ దాదాపు లేదు. మొలకలో ఉంటుంది. మీరిచ్చింది నీళ్ళే, ఉంచింది నీడలోనే. అంత చిన్న గింజ దాన్ని ఎలా తయారు చేసుకుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మూట విప్పినప్పుడు తొందరపడి తినేయకుండా ఓ గింజ అరచేతిలో పెట్టుకుని చూడండి. గింజకి ఓ పక్కన తెల్లటి చిన్న గీత ఉంటుంది, మొలక దానికి ఏ వైపు నుంచి బయటికొచ్చిందో చూసి, బొమ్మ గీసి పంపండి.

ఆశీస్సులతో,
తాతయ్య