బండి మీద చేతుల తిమ్మిర్లు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు బండి మీద బయల్దేరితే నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కుతాం. చౌటుప్పల్ వచ్చేసరికి చాలామందికి కుడిచేతి వేళ్లు మొద్దుబారిపోతాయి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల మీదుగా 44వ నంబరు హైవే పట్టినవాళ్లకు షాద్‌నగర్ లోపే అదే పరిస్థితి. వయసు మీద పడిందనో, బండి పాతదైందనో సరిపెట్టుకుంటారు. కానీ ఏ వేళ్లకు తిమ్మిరి ఎక్కిందో గమనిస్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

అపోహ: "రక్తం ఆడకనే తిమ్మిరెక్కుతది."

చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉండే తిమ్మిరి చాలావరకు నరం నలగడం వల్ల వచ్చేది. చేతిలో ముఖ్యంగా రెండు నరాల సంగతి తెలుసుకోవాలి. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు, దాని పక్కన ఉంగరం వేలులో సగం మీడియన్ నరం పాలు. ఇది మణికట్టులో ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ నడుమ ఉన్న ఇరుకు సందులోంచి, వేళ్లను ముడిచే తొమ్మిది తాళ్లలాంటి కండరబంధాలతో కలిసి పోతుంది. మణికట్టు పైకి వంగినా కిందికి వంగినా ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడే తక్కువ.

చిటికెన వేలు, ఉంగరం వేలులో మిగతా సగం అల్నార్ నరానివి. మోచెయ్యి దేనికైనా తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది ఈ నరమే. అరచేతి మడమ దగ్గర, చిటికెన వేలు వైపు, ఇది పెద్దగా లోతు లేకుండా పోతుంది. హ్యాండిల్ మీద ఒళ్లు బరువు మోపితే ముందు నలిగేది ఇదే.

కాబట్టి బొటనవేలు వైపు తిమ్మిరి అయితే మణికట్టు వంపు, క్లచ్, బ్రేకు లివర్ల కోణం చూసుకోవాలి. చిటికెన వేలు వైపు అయితే అరచేతి మీద పడుతున్న బరువు చూసుకోవాలి. రెండు చేతుల్లో అన్ని వేళ్లూ ఒకేసారి మొద్దుబారితే ముందుగా బండి వణుకును అనుమానించాలి. చలికాలం తెల్లవారుజామున వేళ్లు తెల్లగా పాలిపోయి నొప్పి పెట్టడం మాత్రం నిజంగానే రక్తనాళాలు ముడుచుకోవడం. దానికి గాలి దూరని గ్లోవ్స్ కావాలి.

అపోహ: "గట్టిగ పట్టుకుంటెనే బండి మాట వింటది."

నడుస్తున్న బండి ముందు చక్రం తనంతట తనే నిలదొక్కుకుంటుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును వాలుగా పెట్టేదే అందుకు. గట్టిగా పట్టుకున్నకొద్దీ హ్యాండిల్‌లోని వణుకు అంతా చేతిలోకి ఎక్కుతుంది, గుంతలో పడ్డ దెబ్బ భుజం దాకా పోతుంది. కోడిపిల్లను ఎట్లా పట్టుకుంటాం? జారిపోవద్దు, నలగొద్దు. గ్రిప్ మీద పట్టు కూడా అంతే. మోచేతులు కొంచెం వంగి ఉండాలి, మోకాళ్లు ట్యాంకును తాకుతూ ఉండాలి. నడుస్తుండగా అప్పుడప్పుడు చిటికెన, ఉంగరం వేళ్లను గ్రిప్ మీదనే ఆడించి చూడండి. ఆడకపోతే పట్టు ఎక్కువైందన్నమాట.

ఎంత వదులు చేసుకుందామన్నా పట్టు మళ్లీ బిగుసుకుంటుంటే సీటు చూడండి. స్పాంజి ముందు వైపు కుంగి, నున్నటి రెక్సిన్ కవరు ఉంటే మనిషి ట్యాంకు మీదికి జారుతుంటాడు. తెలియకుండానే రెండు చేతులతో ఒళ్లును వెనక్కి నెడుతుంటాడు. ఇట్లాంటప్పుడు సీటు కుట్టేవాళ్ల దగ్గర ముందు భాగంలో గట్టి స్పాంజి వేయించి, గరుకు కవరు కుట్టిస్తే చేతుల తిమ్మిరి తగ్గుతుంది. చేతులకు ఎన్ని చేసినా ఇది చేయకపోతే లాభం లేదు.

అపోహ: "లివర్లు కంపెనీ ఎట్ల పెడితే అట్లనే ఉండాలె."

కంపెనీ పెట్టేది సగటు మనిషికి. పొట్టివాళ్లకు, పొడుగువాళ్లకు ఆ కోణం సరిపడదు. సెంటర్ స్టాండ్ వేసి, రోజూ కూర్చున్నట్టే కూర్చోండి. కళ్లు మూసుకుని చేతులు గ్రిప్‌ల మీద పెట్టి వేళ్లు ముందుకు చాపండి. మోచెయ్యి నుంచి వేళ్ల కొస దాకా ఒకే వాలులో ఉండి, వేళ్లు నేరుగా లివరు మీద వాలాలి. లివరు పైకి ఉంటే దాన్ని అందుకోవడానికి మణికట్టు వెనక్కి విరుగుతుంది. మరీ కిందికి ఉంటే లోపలికి ముడుచుకుంటుంది.

సర్దుకోవడం ఐదు నిమిషాల పని. క్లచ్ లివరు పట్టీ బోల్టును, చాలా బండ్లకు 8 లేదా 10 నంబరు స్పానర్ పడుతుంది, అర మలుపు వదులు చేసి లివరును కొద్దికొద్దిగా తిప్పి బిగించాలి. అద్దం ఆ పట్టీకే ఉంటే దాన్నీ మళ్లీ సర్దుకోవాలి. డిస్క్ బ్రేకు వైపు ఆయిల్ డబ్బా పట్టీ మీద పైకి బాణం గుర్తు ఉంటే అది పైకే ఉండాలి. అట్లాంటి పట్టీకి చాలా బండ్లలో పై బోల్టు ముందు, కింది బోల్టు తర్వాత బిగిస్తారు. ఆఖరుకు హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పండి. వైర్లు, బ్రేకు పైపు ఎక్కడా గుంజుకుపోవద్దు.

ఎడమ చెయ్యే ఎక్కువ తిమ్మిరెక్కితే క్లచ్ వైరు చూడాలి. లివరు కొసలో 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట, అంటే వైరు బిగుసుకునే ముందు ఉండే వదులు, ఉండాలి. ఆట సరిగ్గానే ఉండి లివరు బరువుగా ఉంటే వైరు లోపల ఎండిపోయి ఉంటుంది. లివరు దగ్గర వైరును విప్పి, కొసకు ప్లాస్టిక్ కవరును గరాటులా చుట్టి, ఇంజన్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా పోయండి. కింది కొసన ఆయిల్ కనపడేదాకా పోయాలి. విప్పినప్పుడు వైరు తలకాయ దగ్గర ఒక్క పోగు తెగి ఉన్నా ఆయిల్‌తో పని లేదు, కొత్త వైరు వేయాల్సిందే. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటి ఘాట్ ఎక్కాక తెగితే అడవిలో నిలబడాల్సి వస్తుంది.

కుడిచేతికి ఉన్న ఇబ్బంది వేరు. రేస్ గ్రిప్‌ను చాలామంది మణికట్టు తిన్నగా పెట్టి పట్టుకుని, అక్కడి నుంచి తిప్పుతారు. రేస్ పెరిగిన కొద్దీ మణికట్టు కిందికి జారి, గంటసేపు అట్లాగే వంగి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు కొంచెం ఏటవాలుగా, మోచెయ్యి కాస్త పైకెత్తి పట్టుకుంటే తిప్పిన తర్వాత మణికట్టు తిన్నగా వస్తుంది. గ్రిప్ తిప్పాక రేస్ పెరగడం మొదలయ్యే ముందు ఉండే ఆట 2 నుంచి 6 మిల్లీమీటర్లు చాలు. వైరు మరీ వదులైతే అంత మేరకు మణికట్టు ఎక్కువ తిరగాలి.

అపోహ: "మందం స్పాంజి గ్రిప్పులు ఏపిస్తే అంతే."

కొంతవరకే. వణుకు తగ్గుతుంది కానీ గ్రిప్ లావైతే చిన్న చేతులవాళ్లు దాన్ని పట్టుకోవడానికే ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. చుట్టూ వేళ్లు సరిగ్గా అందనంత లావు వద్దు. రేస్ వైపు స్పాంజి వదులుగా తిరిగినా, లోపలి అంచుకు రాసుకుని రేస్ వెనక్కి రాకపోయినా ప్రమాదమే. వేయించాక తిప్పి వదిలి చూడండి, టక్కున వెనక్కి రావాలి.

గ్లోవ్స్‌లో అరచేతి నడుమ ఉబ్బెత్తు కుట్టు ఉంటే అదే నరాన్ని నొక్కుతుంది. మణికట్టు పట్టీ, వాచీ, కడియం బిగుతుగా ఉన్నా అంతే.

అపోహ: "పాత బండి గదా, వణుకుడు ఉంటనే ఉంటది."

వణుకు ఎక్కడి నుంచి వస్తుందో కనిపెట్టొచ్చు. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో మెల్లగా రేస్ పెంచండి. ఒక చోట హ్యాండిల్ జివ్వుమంటే తప్పు ఇంజన్ వైపు ఉంది. నిలబడ్డప్పుడు లేకుండా, రోడ్డు మీద ఫలానా స్పీడులోనే వచ్చి, ఖాళీ రోడ్డులో క్లచ్ నొక్కినా పోకపోతే చక్రాల వైపు చూడాలి.

ఇంజన్ వైపు అయితే మొదట ఇంజన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులు. వదులైతే ఫ్రేమంతా మోగుతుంది. చేతికొద్దీ గుంజి బిగిస్తే మరలు పోతాయి, ఎంత బిగించాలో కొలిచి బిగించే టార్క్ రెంచ్ ఉన్న షెడ్డులో చేయించండి. తర్వాత హ్యాండిల్ రెండు కొసల్లో ఉండే బరువులు. బండి పడ్డప్పుడు ఊడిపోతే పట్టించుకోరు, కొందరు అందం కోసం తీసేస్తారు. అవి ఉన్నదే వణుకును తగ్గించడానికి. హ్యాండిల్‌ను పట్టి ఉంచే బోల్టులు కూడా ఒకసారి చూడాలి.

చక్రాల వైపు అయితే టైరు గాలి, రిమ్ము వంకర, వదులైన స్పోకులు, బేరింగులు. గాలి ఎక్కువ కొట్టిస్తే మైలేజీ వస్తుందని రాళ్లలా గట్టిగా కొట్టించుకునేవాళ్లు చాలామంది. 100 సీసీ బండ్లలో ఎక్కువ వాటికి ముందు టైరుకు 25 పీఎస్ఐ దగ్గర చాలు. మీ బండి లెక్క దాని మీద అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. ఎండలో నడిచి వచ్చాక కాదు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చైన్‌కు కింది వైపు నడుమ 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట చాలా బండ్లకు సరిపోతుంది. చక్రాన్ని తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒక చోట బిగుతు, ఒక చోట వదులు వస్తే చైన్ సెట్ మార్చే కాలం వచ్చింది.

హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులను, అంటే కోన్‌సెట్‌ను మరిచిపోవద్దు. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్‌ను రెండు వేళ్లతో తిప్పండి. నడుమ టక్కుమని ఆగితే గుండ్లు గుంత చేసుకున్నాయి. ఆ బండిని నేరుగా నడపడానికే చేతులు అదేపనిగా పని చేస్తుంటాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా ప్రతి ఇంజన్‌కూ ఒక జివ్వుమనే స్పీడు ఉంటుంది. దానికి ఐదు కిలోమీటర్లు కింద నడపండి. నలభై, యాభై నిమిషాలకోసారి దిగి ఐదు నిమిషాలు చేతులు జాపండి.

అపోహ: "సామాన్లకు, చేతులకు ఏం సంబంధం?"

హ్యాండిల్‌కు తగిలించిన సంచి ఊగినప్పుడల్లా చేతులు దాన్ని ఆపుతుంటాయి. ట్యాంకు మీద బియ్యం బస్తా పెడితే మనిషి వెనక్కి జరిగి చేతులు కర్రల్లా చాచుకుంటాయి. వెనక పాల క్యాన్లు రెండు వైపులా సమానంగా లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. దాన్ని ఆపే చెయ్యే ముందు మొద్దుబారుతుంది. వీపు బ్యాగు పట్టీలు చంకలో బిగుసుకుంటే భుజం దగ్గరే నరాలు నొక్కుకుంటాయి. ఆ బ్యాగును వెనక సీటుకు కట్టేయండి.

అపోహ: "ఇదిలిస్తే పోయింది, ఇంకేంది?"

రాత్రి నిద్రలో తిమ్మిరెక్కి, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గడం మణికట్టులో మీడియన్ నరం నలుగుతోందనడానికి డాక్టర్లు చూసే గుర్తుల్లో ఒకటి. బండి దిగిన తర్వాత కూడా తిమ్మిరి పోకపోయినా, చొక్కా గుండీ పెట్టడం కష్టమైనా, చేతిలోంచి గ్లాసు జారినా, బొటనవేలి మొదట్లోని కండ పలచబడ్డా ఆలస్యం చేయొద్దు. మొదట్లో అయితే రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే పట్టీతోనే చాలామందికి తగ్గుతుంది. కండ కరిగాక ఆపరేషన్ చేసినా పూర్తి బలం రాకపోవచ్చు.

అపోహ: "నరాల బలం గోళీలు ఏసుకుంటే తగ్గుతది."

బీ12 తక్కువ ఉన్నవాళ్లకే బీ12 పని చేస్తుంది, అది రక్తపరీక్షలో తెలుస్తుంది. ఇట్లాంటి గోళీల్లో చాలాసార్లు బీ6 కూడా ఉంటుంది. దాన్ని ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.

అపోహ: "ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే గుండెపోటే."

క్లచ్ చెయ్యి కాబట్టి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కడం మామూలే. కానీ ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం తోడైతేనో, ఒకవైపు చెయ్యి, కాలు ఉన్నట్టుండి పడిపోయి మాట ముద్దగా వస్తేనో బండి పక్కకు ఆపి 108కి ఫోన్ చేయండి. ఆ స్థితిలో నడుపుకుంటూ ఆస్పత్రికి పోవద్దు.

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చౌటుప్పల్ మండలాల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్ల సంగతి ఇంకోటి. ఎముకల ఫ్లోరోసిస్‌లో వెన్నెముక బంధాలు గట్టిపడి లోపలి దారి ఇరుకై, వెన్నుపామును, నరాలను నొక్కుతుంది. చేతుల తిమ్మిరితో పాటు మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం, నడిచేటప్పుడు కాళ్లు బిగుసుకోవడం ఉంటే గ్రిప్పులు కొనే ముందు నరాల డాక్టరుకు చూపించి మెడ ఎమ్మారై అవసరమా అని అడగండి. తాగిన నీళ్ల సంగతి, ఎన్నేళ్లు తాగారన్నది తప్పకుండా చెప్పండి. మెడ పట్టేసిన మనిషి మెడను విరిపించుకోవడం, గట్టిగా మాలీషు చేయించుకోవడం అసలే వద్దు.