వెనకొచ్చిన కొమ్ములు: ఐస్ హాకీ డ్రాఫ్ట్ చివరి రౌండ్ల గురించి అపోహలు - వాస్తవాలు

మా నాన్న గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "మంచు మీద పిల్లల కర్రలాట చూసినందుకు నిజంగానే డబ్బులిస్తారా?" ఇస్తారు, కొద్దిగా. కెనడాలోని అంటారియోలో, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని ఒక జట్టుకు ప్రాంతీయ స్కౌట్‌గా పనిచేస్తున్నాను. శీతాకాలమంతా జూనియర్ లీగ్ ఆటలు చూడటం, పదిహేడేళ్ల కుర్రాళ్ల గురించి రిపోర్టులు రాయడం నా పని. మొదటి రౌండ్‌లో పోయే పిల్లల పేర్లు టీవీ చూసేవాళ్లందరికీ తెలుసు. నాలాంటివాళ్ల అవసరం పడేది నాలుగో రౌండ్ దాటాకే.

ఈ ఆట తెలియని మిత్రుల కోసం రెండు మాటలు. డ్రాఫ్ట్ అంటే ఏటా జట్లు కొత్త కుర్రాళ్లను ఒకరి తర్వాత ఒకరు ఎంచుకోవడం. ఐపీఎల్ వేలంలో డబ్బున్నవాడిది పైచేయి. ఇక్కడ డబ్బుతో పని లేదు, అంతా వంతుల లెక్క. ఇప్పుడు 32 జట్లు, 7 రౌండ్లు, మొత్తం 224 వంతులు; రౌండ్లు, వంతులు ఇంతకంటే ఎక్కువ ఉన్న ఏళ్లూ ఉన్నాయి. ఎంచుకున్న కుర్రాడు మర్నాడే వచ్చి ఆడడు. అతనితో ఒప్పందం చేసుకునే హక్కు మాత్రం కొన్నేళ్లపాటు ఆ జట్టుకు ఉంటుంది. వేలంలో కొనేది పండిన పంటను, మేం ఎంచేది నారును.

అపోహ: చివరి రౌండ్లంటే లాటరీ. ఎవరు దొరికితే వాళ్లే.

లాటరీలో టికెట్లన్నీ ఒకటే. ఇక్కడ అలా కాదు. ఏడో రౌండ్‌లో పోయేవాళ్లలో చాలామంది ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడరన్న మాట నిజమే. అయితే పది మందిలో తొమ్మిది మంది నిలవరని తెలిసినంత మాత్రాన, ఆ పది మందిని కళ్లు మూసుకుని ఎంచుకోవాలని లేదు.

ఐదో రౌండ్ మొదలయ్యేసరికి మా జాబితాలో మిగిలిన ప్రతి పేరు పక్కనా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇతను ఇంకా ఎందుకు మిగిలాడు? జవాబు రెండు రకాలుగా ఉంటుంది. లోపం కుర్రాడిలో ఉండవచ్చు, లేదా చూసేవాళ్ల చూపులో ఉండవచ్చు. ఎవరూ వెళ్లని లీగ్‌లో ఆడి ఉండవచ్చు, సీజన్ సగం గాయంతో పోయి ఉండవచ్చు, పుట్టినరోజు కలిసి రాకపోయి ఉండవచ్చు, రష్యా పాస్‌పోర్టు కావచ్చు. ఆ రెండో రకం వాళ్లను పట్టుకోవడమే చివరి రౌండ్లలో మా పని.

అపోహ: డెట్రాయిట్ వాళ్లకు దివ్యదృష్టి ఉంది.

1998లో డెట్రాయిట్ జట్టు పావెల్ దాత్సూక్‌ను 171వ వంతులో, మరుసటి ఏడాది హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 210వ వంతులో తీసుకుంది. ఇద్దరూ ఆ జట్టుకు మూలస్తంభాలయ్యారు, 2008లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిపించారు. యూరప్‌లో ఆ జట్టు స్కౌట్ హాకన్ ఆండర్సన్. ఆయన రష్యాకు వెళ్లింది వేరొక ఆటగాడి కోసం. కన్ను పడింది మాత్రం చిన్న దేహంతో, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) కర్రకు అంటుకుపోయినట్టు ఆడుతున్న దాత్సూక్ మీద. అప్పటికి రెండు డ్రాఫ్టుల్లో అతన్ని ఎవరూ తీసుకోలేదు.

కథ ఇంతవరకే చెప్పి చప్పట్లు కొట్టేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. అదే 1998లో డెట్రాయిట్ మొదటి ఎంపిక యిరీ ఫిషర్, 25వ వంతు. దాత్సూక్ అంతటివాడవుతాడని నిజంగా నమ్మి ఉంటే 171 దాకా ఎందుకు ఆగుతారు? ఎవరికీ తెలియదన్న ధీమాతో కొంత ఆగారు, తామూ అంతగా ఊహించక కొంత ఆగారు. ఆండర్సన్‌ను తక్కువ చేయడం లేదు. మిగతావాళ్లు వెళ్లని చోటికి వెళ్లి చూడటమే ఆయన గొప్పతనం. జోస్యం చెప్పడం ఆయన పని కాదు, ఎవరి పనీ కాదు.

(171 మంచి అంకెలా ఉంది. 1984లో లూక్ రోబిటాయ్ పోయిందీ అదే వంతులో. 668 గోల్స్ కొట్టాడు.)

అపోహ: పాయింట్ల పట్టిక చూస్తే చాలు.

గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ అందించినా ఆటగాడికి ఒక పాయింట్. ఆ పట్టిక నేనూ చూస్తాను. కానీ ఆ అంకెల వెనక ఏముందో కూడా చూస్తాను. ఎన్ని నిమిషాలు ఆడించారు? ప్రత్యర్థి జట్టులో ఒకడు తక్కువైన పవర్ ప్లేలో ఎన్ని వచ్చాయి? పక్కన ఆడినవాడు ఎవరు? మొదటి రౌండ్ కుర్రాడి పక్కన నిలబడి నలభై పాయింట్లు తెచ్చుకున్నవాడి కంటే, బలహీనమైన జట్టులో మూడో వరుసలో (మేటివాళ్లు మొదటి రెండు వరుసల్లో ఉంటారు) ఆడుతూ ఇరవై తెచ్చుకున్నవాడు మేలు కావచ్చు.

రింకులో నా చేతిలో పెన్సిల్ ఉంటుంది, పెన్ను కాదు. ఆ చలికి పెన్నులో సిరా బిగుసుకుపోతుంది. ఒక డిఫెన్స్ ఆటగాడు తమ గోల్ వెనక మూలకు పోయిన పక్ కోసం పరుగెత్తుతున్నాడనుకోండి. వెనక నుంచి ప్రత్యర్థి తరుముకొస్తున్నాడు. పక్ దగ్గరికి చేరేలోపు ఆ కుర్రాడు ఎన్నిసార్లు భుజం మీదుగా వెనక్కి చూశాడో అన్ని గీతలు గీస్తాను. రెండు గీతలు పడ్డవాడికి పక్ అందుకోకముందే పాస్ ఎటు ఇవ్వాలో తెలిసిపోతుంది. ఒక్క గీతా పడనివాడు పక్ తీసుకున్నాక ఆలోచించడం మొదలుపెడతాడు. ఆ అర క్షణంలో అతన్ని గోడకేసి కొడతారు. ఈ గీతలు ఏ పట్టికలోనూ ఉండవు. పది ఆటల గీతలు ఒకచోట పెట్టుకుంటే మాత్రం, ఆ కుర్రాడి ఆట రేపు ఇంకా వేగంగా నడిచే లీగ్‌లో నిలుస్తుందో లేదో కొంత తెలుస్తుంది.

అపోహ: స్కేటింగ్ బాగా లేకపోతే వదిలేయాలి.

ఇది నా సొంత తప్పు కూడా, కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

కొన్నేళ్ల కిందట ఒక పొడుగాటి కుర్రాడి గురించి "అడుగు బరువు, మోకాలు వంగదు, మన జాబితాలో అవసరం లేదు" అని రాశాను. మూడుసార్లు చూసి రాసిన రిపోర్టు అది. ఆరో రౌండ్‌లో మరో జట్టు తీసుకుంది. రెండేళ్ల తర్వాత చూస్తే మంచు మీద వేరే మనిషిలా జారుతున్నాడు. తర్వాత తెలిసింది: నేను చూసిన ఆ ఏడాదిలోనే అతను ఏకంగా నాలుగు అంగుళాలు పెరిగాడట. తన కాళ్లు తనకే కొత్తగా ఉన్న కాలమది. నేను ఎదుగుదలను చూసి లోపమనుకున్నాను. ఆ రోజు నుంచి ఎవరి గురించి రాసినా, గత ఏడాది ఎత్తు ఎంతో, ఇప్పుడెంతో అడిగి రాస్తున్నాను. కుదిరితే తండ్రి ఎత్తు కూడా కనుక్కుంటాను. పెళ్లిచూపుల్లా ఉంటుంది కానీ తప్పదు.

స్కేటింగ్‌ను కొంతవరకు నేర్పవచ్చు. టాంపా జట్టు 2014లో మూడో రౌండ్‌లో, 79వ వంతులో తీసుకున్న బ్రేడెన్ పాయింట్ చిన్న మనిషి. స్కేటింగ్ గురించీ సందేహాలుండేవి. ఆ జట్టుకు స్కేటింగ్ నేర్పినావిడ బార్బ్ అండర్‌హిల్, 1984లో ఫిగర్ స్కేటింగ్ జంటల విభాగంలో ప్రపంచ చాంపియన్. ఆమె దగ్గర బ్రేడెన్ అడుగు మారింది. తర్వాత రెండు స్టాన్లీ కప్పులు, ఒక సీజన్‌లో 51 గోల్స్.

మార్క్ స్టోన్ కథ ఇంకో రకం. 2010లో ఆరో రౌండ్, 178వ వంతు. మందకొడిగా కదులుతాడని పేరు, పైగా ఆ సీజన్‌లో గాయాలు. రెండేళ్లు తిరిగేసరికి జూనియర్ లీగ్‌లో ఒకే సీజన్‌లో 123 పాయింట్లు తెచ్చుకున్నాడు. ఇప్పటికీ వేగంలో పెద్ద గొప్పేమీ కాదు. ఎదుటివాడి పాస్ ఎటు పోతుందో ముందే పసిగట్టి కర్ర అక్కడ పెట్టేస్తాడు. 2023లో వేగాస్ జట్టు స్టాన్లీ కప్ గెలిచిన చివరి ఆటలో కెప్టెన్‌గా మూడు గోల్స్ కొట్టాడు. కాలికి వేగం నేర్పవచ్చు. ఆ పసిగట్టే గుణాన్ని నేర్పగల గురువు మాత్రం నాకింకా కనబడలేదు.

అపోహ: పొట్టివాళ్లు నిలవలేరు.

2004-05 సీజన్ మొత్తం రద్దయి, మళ్లీ ఆట మొదలైనప్పుడు పట్టుకోవడం, అడ్డుకోవడం మీద రెఫరీలు గట్టిగా ఉండటం మొదలుపెట్టారు. అప్పటి నుంచి చిన్న దేహాలకు చోటు దొరికింది. 2010లో బ్రెండన్ గాలగర్ 147వ వంతు, 2011లో జానీ గాడ్రో 104వ వంతు. గాడ్రో 2021-22లో 115 పాయింట్లు చేశాడు. 2024లో సైకిల్ మీద వెళ్తూ కారు ప్రమాదంలో పోయాడు. ఆ వార్త విన్న రోజు ఏ రింకులోనూ ఎవరి నోటా మాట రాలేదు.

అయితే పొట్టిగా ఉంటే చాలు, దొరికాడు మరో గాడ్రో అనుకోవడం దీనికి తోబుట్టువు లాంటి అపోహ. పొట్టివాడైతే నా ప్రశ్న వేరుగా ఉంటుంది: గోడ దగ్గర పోరులో పక్‌తో బయటికి వస్తున్నాడా, లేక ఆ పోరులోకే దిగడం లేదా?

అపోహ: అందరూ పద్దెనిమిదేళ్లవాళ్లే కదా, వయసు సమానమే.

కాదు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. డ్రాఫ్ట్‌కు వయసు గీత సెప్టెంబర్ 15. 2007 సెప్టెంబర్ 15న పుట్టినవాడు 2025 డ్రాఫ్ట్‌కు వస్తాడు. మర్నాడు పుట్టినవాడు 2026 దాకా ఆగాలి. అంటే ఒకే డ్రాఫ్ట్‌లో పక్కపక్కన ఉన్న ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు. ఆ వయసులో ఏడాదంటే ఏడెనిమిది కిలోల కండ, ఒక సీజన్ అనుభవం.

ఇంకోటి. కెనడాలో పిల్లల హాకీని జనవరి నుంచి డిసెంబర్ లెక్కన విభజిస్తారు. ఎనిమిదేళ్ల వయసులో జనవరిలో పుట్టినవాడు పెద్దగా కనబడతాడు, మంచి జట్టులో చోటు, మంచి కోచ్ దొరుకుతారు. నవంబర్‌లో పుట్టినవాడు ఆ తోపులాటను తట్టుకుని పదిహేడేళ్ల దాకా నిలిచాడంటే, అతనిలో ఏదో ఉందనే అర్థం. అందుకే నా జాబితాలో ప్రతి పేరు పక్కనా పుట్టిన నెల ఎర్ర పెన్సిల్‌తో ఉంటుంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మా నాయనమ్మ అనేది ఇలాంటివాళ్ల గురించే.

ఒకసారి ఎవరూ తీసుకోకుండా వదిలేసిన పంతొమ్మిదేళ్లవాణ్ని మళ్లీ చూడటం కూడా లాభమే. ఒక ఏడాది ఎక్కువ సమాచారం ఉచితంగా వచ్చినట్టు.

అపోహ: గోల్‌కీపర్లను ఎప్పుడూ చివర్లోనే తీసుకోవాలి.

దీనికి ఉదాహరణలు బోలెడు చెబుతారు. డొమినిక్ హషెక్ 1983లో పదో రౌండ్, 199వ వంతు. హెన్రిక్ లుండ్‌క్విస్ట్ 2000లో 205. కానర్ హెలెబక్ 2012లో 130, అతను 2025లో లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి అందుకున్నాడు. బాగుంది. మరి 2003లో మొట్టమొదటి వంతులో పోయిన మార్క్-ఆండ్రే ఫ్లూరీ? 2005లో ఐదో వంతు కేరీ ప్రైస్? 2012లో 19వ వంతు వాసిలెవ్స్కీ? గోల్‌కీపర్ ఆలస్యంగా పండుతాడు, పద్దెనిమిదేళ్లకు అంచనా కట్టడం కష్టం. అసలు సంగతి అంతే. దాన్నుంచి సూత్రమేమీ పుట్టదు. గోల్‌కీపర్ల విషయంలో నా మాట కంటే మా గోల్ కోచ్ మాటకే విలువ, ఆ సంగతి ఒప్పుకుంటాను.

అపోహ: రష్యా కుర్రాళ్లు ఎలాగూ రారు.

కొందరు రారు, కొందరు ఆలస్యంగా వస్తారు. మిన్నెసోటా 2015లో ఐదో రౌండ్, 135వ వంతులో తీసుకున్న కిరిల్ కప్రీజోవ్ వచ్చింది 2020-21 సీజన్‌కు. వచ్చిన ఏడాదే కొత్త ఆటగాళ్లలో అత్యుత్తముడిగా కాల్డర్ ట్రోఫీ. హషెక్ కూడా ఇనుప తెర అవతల, కమ్యూనిస్టు చెకోస్లొవేకియాలో ఉండి, ఎంపికైన ఏడేళ్లకు 1990లో వచ్చాడు. అలాంటప్పుడు తూచాల్సింది ప్రతిభను కాదు, జట్టు యాజమాన్యం ఓపికను. ఉద్యోగం నిలుస్తుందో లేదోనని భయపడే జనరల్ మేనేజర్ ఐదేళ్ల తర్వాత పండే చెట్టు నాటడు.

అపోహ: ఆరో రౌండ్‌లో భద్రమైన ఎంపిక మంచిది.

దీని మీద ఏటా మా గదిలో గొడవే. "ఇతను స్టార్ కాడు కానీ నాలుగో వరుసలో కష్టపడి ఆడతాడు" అని ఎవరో ఒకరు అంటారు. నాలుగో వరుస ఆటగాళ్లు ప్రతి జూలైలో తక్కువ జీతానికే బజారులో దొరుకుతారు. వాళ్ల కోసం డ్రాఫ్ట్ వంతు ఖర్చు పెట్టడం, పెరట్లో కరివేపాకు చెట్టు పెట్టుకుని దుకాణంలో కట్టలు కొన్నట్టు ఉంటుంది. చివరి రౌండ్‌లో తప్పిపోతే పెద్దగా పోయేదేమీ లేదు. కాబట్టి ఒక్క గుణమైనా అసాధారణంగా ఉన్నవాణ్నే తీసుకోవాలి. మిగతా తొమ్మిదిట్లో కంతలున్నా ఫరవాలేదు.

కంప్యూటర్ లెక్కలా, కంటి చూపా అన్న వాదన కూడా అడుగుతుంటారు. దాని మీద నాకు ఆసక్తి పోయింది. ఏ ఆట చూడటానికి వెళ్లాలో లెక్క చెబుతుంది, వెళ్లి చూసేది నేను.

అపోహ: ఆఖరి వంతులు లాంఛనమే. అసలు ఎంపిక కాకపోతే కథ ముగిసినట్టే.

లాంఛనంగా చూసినవాళ్లు లేకపోలేదు. 1974లో డ్రాఫ్ట్ ఫోన్లలో సాగుతూ సాగుతూ ఉంటే విసుగెత్తిన బఫలో జనరల్ మేనేజర్ పంచ్ ఇమ్లాక్, పదకొండో రౌండ్‌లో తారో సుజిమోతో అనే జపాన్ ఆటగాణ్ని ఎంచుకున్నాడు. లీగ్ నమోదు కూడా చేసుకుంది. అలాంటి మనిషే లేడు!

ఇక ఎంపిక కానివాళ్లు: కెనడాలోని సర్రేలో పెరిగిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బైన్స్‌ను ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎవరూ తీసుకోలేదు. 2021-22లో డబ్ల్యూహెచ్‌ఎల్ అనే జూనియర్ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 112 పాయింట్లు చేశాడు, వాంకూవర్ పిలిచి ఒప్పందం చేసుకుంది. 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు.

ఆఖరి వంతు అంటే నాకు గుర్తొచ్చేది పాట్రిక్ హార్న్‌క్విస్ట్. 2005లో 230వ వంతు, ఆ డ్రాఫ్ట్‌లో చిట్టచివరి పేరు. తీసుకున్నది నాష్‌విల్. అంతకు ముందు ఏడాది ఎనిమిదో రౌండ్, 258వ వంతులో అదే జట్టు తీసుకున్న గోల్‌కీపర్ పెక్కా రిన్నె. ఫిన్లండ్‌లో తన జట్టుకు రెండో గోల్‌కీపర్‌గా బెంచీ మీద ఎక్కువగా గడిపినవాడు, నాష్‌విల్‌లో ఏళ్లకేళ్లు గోల్ కాశాడు. హార్న్‌క్విస్ట్‌ను 2014లో పిట్స్‌బర్గ్‌కు ఇచ్చేశారు. 2017 ఫైనల్లో ఆ రెండు జట్లే తలపడ్డాయి. ఆరో ఆట, నాష్‌విల్ సొంత రింకు, ఇంకా ఒక నిమిషం 35 సెకన్లుంది, స్కోరు సున్నా-సున్నా. గోల్ గీత వెనక నుంచి హార్న్‌క్విస్ట్ కొట్టిన పక్ రిన్నె మోచేతికి తగిలి లోపలికి పోయింది.