చదువు అప్పు గురించి మనవలకు

కౌన్సెలింగ్ కోసం ఎదురుచూస్తున్న నా మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

అప్పు చేసి చదవడం తప్పా అని మొన్న మీరు ఫోనులో అడిగారు. విద్యారుణాల కాగితాలు చూస్తూ చాలా ఏళ్లు బ్యాంకులో పనిచేసినవాణ్ణి గనుక, తప్పు కాదనేసి ఊరుకోకుండా వివరంగా రాస్తున్నాను.

మన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే అది నెలకు, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. బ్యాంకువాళ్లు పది శాతం అంటే అది ఏడాదికి. ఊరి లెక్కలో నూటికి 83 పైసలు. ఈ తేడా తెలియక, లేదా బ్యాంకు చుట్టూ తిరిగే ఓపిక లేక, మొదటి ఏడాది ఫీజు కోసం వడ్డీ వ్యాపారి గడప తొక్కిన కుటుంబాలు నాకు చాలా తెలుసు.

2001లో భారత బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా పథకంలో, 4 లక్షల వరకు రుణానికి ఆస్తి తాకట్టు గానీ, బయటివాళ్ల హామీ గానీ అక్కర్లేదు. తల్లో తండ్రో మీతో కలిసి సంతకం చేస్తే చాలు. తండ్రికున్న పొలాన్ని కాక, పిల్లలు రేపు సంపాదించగలిగేదాన్ని చూసి అప్పివ్వాలన్నది అందులోని ఆలోచన. 2015లో కేంద్రం, అప్పు తీరకపోతే బ్యాంకుకు భరోసాగా ఉండే రుణ హామీ నిధిని ఏర్పాటు చేశాక ఆ వెసులుబాటు 7.5 లక్షల వరకు పెరిగింది. ఆపైన మాత్రం మామూలుగా మళ్లీ ఆస్తి అడుగుతారు.

కాగితం మీది ఈ మాట బ్యాంకు కౌంటరు దాకా రావడమే కష్టం. ఒకసారి ఒక కౌలు రైతు నా బల్ల మీద పాలిథిన్ కవరు పెట్టి, ముడి విప్పి, పట్టాదారు పాసుపుస్తకం తీశాడు. అది అతనిది కాదు, బతిమాలి తెచ్చుకున్న అన్నగారిది. కూతురి బీటెక్‌కు అతను అడిగింది 3 లక్షలు. పొలం కాగితాలు లేనిదే పని కాదని మా శాఖలోనే ఎవరో చెప్పి పంపారట. అది అతనికి మూడో రాక. పుస్తకం తిరిగి అతని చేతిలో పెట్టి దరఖాస్తు తీసుకున్నాను గానీ, అప్పటికే ఆ అమ్మాయి తరగతులు మొదలై నెల దాటింది. ఆ నెల తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక వడ్డీ సంగతి జాగ్రత్తగా వినండి. చదువుకునే కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదా కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ ఆగదు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు, 10 శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకోండి: మొదటి లక్షకు ఐదేళ్లకు 50,000, తరువాతి వాటికి 40,000, 30,000, 20,000. అంటే వాయిదాలు మొదలయ్యేనాటికి 4 లక్షలు కాస్తా 5,40,000 అవుతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి, గుర్తింపు ఉన్న కళాశాలలో సాంకేతిక, వృత్తి విద్య చదివేవారికి ఆ కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం 2009 నుంచి ఉంది. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం లేక ఆ 1,40,000 పోగొట్టుకోకండి.

2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే మరో పథకం, కుటుంబ ఆదాయం 8 లక్షల వరకు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణాలపై 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చింది. మంచిదే, కానీ మొదలైనప్పుడు అది దేశంలో ర్యాంకులున్న 860 సంస్థలకే పరిమితం. జిల్లాలోని మామూలు కళాశాలలో చేరే కూలీ బిడ్డకే ఆసరా ఎక్కువ అవసరం. ఆ బిడ్డను బయట నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

బ్యాంకువాళ్లు కాదంటే కారణం రాసివ్వమని మర్యాదగా అడగండి; పై అధికారి సమ్మతి లేకుండా శాఖ దరఖాస్తును తిరస్కరించకూడదని నమూనా పథకంలోనే ఉంది. మంజూరు పత్రం చేతికి రాగానే సంతకం చేయకుండా నాకు ఫొటో పంపండి, వడ్డీ రేటు మారేదో స్థిరంగా ఉండేదో కలిసి చదువుదాం.

మీ తాతయ్య