‘డైరీలో కూడా రాయను’: సాక్ష్యంగా మారిన రీగన్ దినచర్య

1985 డిసెంబర్ 5న అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ తన డైరీలో ఒక వింత మాట రాసుకున్నాడు. లెబనాన్‌లో చిక్కుకున్న అయిదుగురు అమెరికన్ బందీలను విడిపించడానికి గుట్టుగా ఒక ప్రయత్నం జరుగుతోందట. చాలా చిక్కు వ్యవహారమట, తెలిసినవాళ్లు కొద్దిమందేనట. అంతవరకు రాసి, మేం చేస్తున్నదేమిటో ఈ డైరీలో కూడా రాయను అన్నాడు.

రెండు రోజులు తిరక్కుండానే రాసేశాడు. 7వ తేదీ శనివారం పేజీలో సంగతంతా ఉంది. ఇజ్రాయెల్ ఇరాన్‌కు ఆయుధాలు అమ్ముతుంది. అవి విమానాల్లో విడతలుగా చేరేకొద్దీ బందీలు బయటికొస్తారు. ఇజ్రాయెల్‌కు తగ్గిన సరుకును అమెరికా మళ్లీ దానికి అమ్ముతుంది. ఏదీ ఉచితం కాదు, అందరూ డబ్బు కట్టేవాళ్లే. విదేశాంగ మంత్రి జార్జ్ షుల్ట్జ్, రక్షణ మంత్రి కాస్పర్ వైన్‌బర్గర్ వద్దంటున్నారనీ, ఇరాన్‌కు ఆయుధాలు అమ్మకూడదని కాంగ్రెస్ చట్టం ఉందనీ కూడా ఆయనే రాసుకున్నాడు.

ఆ శనివారం ఉదయం దీనిమీద జరిగిన సమావేశంలో కూర్చున్న వైన్‌బర్గర్ తన చిన్న ప్యాడ్ మీద ఇంకో మాట రాసుకున్నాడు. చట్టాన్ని ఉల్లంఘించావంటే జవాబు చెప్పుకోగలను గానీ, అంత బలమైన రీగన్ బందీలను విడిపించే అవకాశం వదిలేశాడంటే చెప్పుకోలేను అని అధ్యక్షుడు అన్నాడట. ఈ మాట రీగన్ పేజీలో కనబడదు. ఒకే గది, ఒకే ఉదయం, రెండు రాతలు. ఇరాన్‌కు ఆయుధాలమ్మిన మిగులును నికరాగువా తిరుగుబాటుదారులైన కాంట్రాలకు మళ్లించిన ఇరాన్–కాంట్రా కేసులో డైరీల మీద ఏడేళ్లు నడిచిన పేచీ అర్థం కావాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. అసలు కుంభకోణం అదే, బందీల కథ దానికి తర్వాత అతుక్కుంది.

నికరాగువాలో 1979లో వామపక్ష శాండినిస్టాలు అధికారానికి వచ్చారు. వాళ్ల మీద పోరాడుతున్న కాంట్రాలంటే రీగన్‌కు వల్లమాలిన అభిమానం, కాంగ్రెస్‌కు అనుమానం. బోలండ్ సవరణ పేరుతో 1982లో ఒకసారి, 1984 అక్టోబర్‌లో మరింత గట్టిగా కాంట్రాలకిచ్చే సాయానికి కాంగ్రెస్ కళ్లెం వేసింది. ఖజానా తలుపు మూసుకుంది. వాళ్లు ఒళ్లూ ప్రాణమూ నిలుపుకునేలా ఏదో ఒకటి చూడమని రీగన్ తన జాతీయ భద్రతా సలహాదారు రాబర్ట్ మెక్‌ఫార్లేన్‌కు చెప్పాడు. ఇక దొడ్డిదారి వెతకడమే మిగిలింది.

1984 జూన్ 25న శ్వేతసౌధంలో జరిగిన భద్రతా సమావేశంలో, వేరే దేశాలను అడిగి కాంట్రాలకు డబ్బిప్పిస్తే ఎలా ఉంటుందన్న చర్చ వచ్చింది. అది అభిశంసనకు దారితీసే నేరమవుతుందని శ్వేతసౌధం చీఫ్ ఆఫ్ స్టాఫ్ జేమ్స్ బేకర్ అన్నట్టు షుల్ట్జ్ గుర్తుచేశాడు. చివర్లో రీగన్ విసిరిన చమత్కారం మినిట్స్‌లో ఉంది. ఈ కథ బయటికి పొక్కితే, ఎవరు పొక్కించారో తేలేదాకా మనందరం శ్వేతసౌధం ముందు బొటనవేళ్లకు వేలాడాల్సిందే అన్నాడు. అప్పటికే సౌదీ అరేబియా నెలకు 10 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుని ఉంది. 1985 ఫిబ్రవరిలో ఫహద్ రాజు వాషింగ్టన్ వచ్చి వెళ్లాక ఆ మొత్తం రెట్టింపైంది. అన్నీ కలిపి సౌదీలు ఇచ్చింది 3.2 కోట్ల డాలర్లు.

బ్రూనై సుల్తాన్ ఇచ్చిన కోటి డాలర్ల కథ ఇంకా తమాషా. స్విస్ బ్యాంకు ఖాతా నంబరు టైపు చేసేటప్పుడు రెండు అంకెలు తారుమారయ్యాయి. డబ్బు కాంట్రాలకు చేరకుండా, ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేని మరొకరి ఖాతాలో పడింది. రహస్య నిధుల సామ్రాజ్యం నడిచిన తీరు ఇదీ.

ఇరాన్ బేరంలోని మిగులు ఈ డబ్బుకు తోడైంది. 1986 జనవరి 17న అమెరికా నేరుగా ఇరాన్‌కు ఆయుధాలు పంపే ఉత్తర్వుపై రీగన్ సంతకం చేశాడు. టో (ట్యాంకు విధ్వంసక) క్షిపణులు ఇరాన్‌కు అమ్మడానికి ఒప్పుకున్నానని ఆ రోజు డైరీలో ఉంది. ఇరాన్ కట్టిన సొమ్ము అసలు ధరకన్నా చాలా ఎక్కువ. శ్వేతసౌధంలోని జాతీయ భద్రతా మండలి ఉద్యోగి లెఫ్టినెంట్ కర్నల్ ఆలివర్ నార్త్, ఆయనతో కలిసి పనిచేసిన దళారులు ఆ మిగులును స్విస్ ఖాతాల్లో పెట్టారు. అందులోంచి కనీసం 38 లక్షల డాలర్లు కాంట్రాలకు మళ్లాయని కాంగ్రెస్ కమిటీలు తర్వాత లెక్క తేల్చాయి.

1986 అక్టోబర్ 5న నికరాగువా అడవిలో కాంట్రాలకు సరుకు మోస్తున్న విమానం ఒకటి కూలింది. నవంబర్ 3న బేరూత్ పత్రిక అష్ షిరా ఇరాన్ బేరాన్ని బయటపెట్టింది. అటార్నీ జనరల్ ఎడ్విన్ మీస్ మనుషులు నార్త్ ఆఫీసు ఫైళ్లు తిరగేస్తే నిధుల మళ్లింపు గురించిన కాగితం దొరికింది. నవంబర్ 24న మీస్ ఆ సంగతి చెప్పాడని రీగన్ డైరీలో ఉంది. ఇది తప్పు, కాంగ్రెస్ అనుమతి లేకుండా కాంట్రాలకు డబ్బివ్వకూడదన్న చట్టానికి విరుద్ధం, నార్త్ నాకు చెప్పలేదు, అన్నింటికన్నా ఘోరం జాన్ పాయిన్‌డెక్స్‌టర్‌కు తెలిసీ చెప్పకపోవడం అని రాసుకున్నాడు. మర్నాడు నార్త్ ఉద్యోగం పోయింది. మెక్‌ఫార్లేన్ తర్వాత భద్రతా సలహాదారైన పాయిన్‌డెక్స్‌టర్ రాజీనామా చేశాడు.

రీగన్‌ను సమర్థించేవాళ్లకు నవంబర్ 24 పేజీయే పెద్ద అండ. మళ్లింపు సంగతి ఆయనకు ముందే తెలిసుంటే ఇలా రాసుకునేవాడా అంటారు. నా మట్టుకు ఆ పేజీని నమ్మాలనే అనిపిస్తుంది. అధ్యక్షుడికి కావాలనే చెప్పలేదని, రేపు కాదనడానికి ఆయనకు వీలుండాలనే అలా చేశానని పాయిన్‌డెక్స్‌టర్ కూడా 1987 జులైలో కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి చెప్పాడు. కానీ ఆ పేజీ జవాబు చెప్పేది ఒక్క మళ్లింపు ప్రశ్నకే. సౌదీ డబ్బు మాటేమిటి?

దానికి జవాబు కూడా డైరీ నుంచే వచ్చింది, అదీ రీగన్ నోటి నుంచే. 1987 మేలో టీవీలో కాంగ్రెస్ విచారణ నడుస్తుండగా, ఫహద్ రాజును కాంట్రాల డబ్బు అడిగింది మీరేనా అని విలేకరులు అడిగారు. ఆ మాట నేనెత్తలేదని నా డైరీలో ఉంది, తిరిగి వెళ్లేముందు రాజే ఆ సాయం చేస్తున్నానని, ఇక పెంచుతానని చెప్పాడు అన్నాడు. ఆయన తనను కాపాడుకోవడానికి డైరీని అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాటలోనే, కాంగ్రెస్ తలుపు మూసిన తర్వాత కూడా మరో దేశం కాంట్రాలకు డబ్బిస్తోందని తనకు తెలుసని ఒప్పుకున్నట్టయింది.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 1974లో నిక్సన్ టేపుల కేసులో, అధ్యక్షుడికి గోప్యత విశేషాధికారం ఉన్నా క్రిమినల్ విచారణ అవసరం ముందు అది నిలవదని సుప్రీంకోర్టు 8–0తో తేల్చింది. తర్వాత 1978లో అధ్యక్షుడి రికార్డుల చట్టం వచ్చింది. 1981 జనవరి 20 నుంచి అధ్యక్షుడి కాగితాలు ప్రజల ఆస్తి అంది. మినహాయింపుల్లో మొదట కనబడేది డైరీ. ప్రభుత్వ పనికి వాడకుండా, ఎవరికీ చూపకుండా రాసుకున్న డైరీ సొంత ఆస్తే. 1981 జనవరి 20 రీగన్ ప్రమాణ స్వీకారం చేసిన రోజు. కొత్త చట్టం కిందికి వచ్చిన మొదటి అధ్యక్షుడు ఆయనే, అధికారంలో ఉన్నన్నాళ్లూ ఆయన డైరీ కూడా రాశాడు. అయితే దర్యాప్తులో చూపించిన డైరీ, విలేకరుల ముందు ప్రస్తావించిన డైరీ ఇంకా సొంతమేనా? ఈ ప్రశ్నకు ఆనాడు ఎవరూ గట్టి జవాబు చెప్పలేదు.

సెనేటర్ జాన్ టవర్ అధ్యక్షతన ఏర్పడిన ముగ్గురు సభ్యుల బోర్డుకు, తర్వాత కాంగ్రెస్ కమిటీలకు డైరీలోని సంబంధిత భాగాలు చూపించారు. టవర్ బోర్డు అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒకటే. 1985 ఆగస్టులో ఇజ్రాయెల్ పంపిన తొలి క్షిపణులకు మీరు ముందే అనుమతి ఇచ్చారా? 1987 జనవరి 26న ఇచ్చానన్నాడు. ఫిబ్రవరి 11న ఇవ్వలేదన్నాడు. ఫిబ్రవరి 20న ఉత్తరం రాసి, ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదన్నాడు.

ఇలాంటప్పుడే కదా డైరీ అక్కరకు రావాలి! ఆ ఆగస్టు 23 పేజీలో మెక్‌ఫార్లేన్ చేసిన ‘రహస్య’ ఫోన్ సంగతి ఉంది. ఇరాన్‌లో పెద్ద మనిషి ఒకడు బందీలను సముద్రపు ఒడ్డున అప్పగిస్తాడని ఉంది. కొన్ని విషయాల్లో నిర్ణయాలు తీసుకోవాల్సి వచ్చిందనీ, అవి సులువైనవేననీ, ఇక ఎదురుచూడటమేననీ ఉంది. ఆ నిర్ణయాలేమిటో మాత్రం లేదు. కోర్టుకు పనికొచ్చే ఆ ఒక్క ముక్కే పేజీ మీదికి ఎక్కలేదు.

మన దగ్గర రాజకీయ నాయకులకు డబ్బు ముట్టిందన్న జైన్ హవాలా డైరీల కేసు గుర్తున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 1998లో మన సుప్రీంకోర్టు, విడి కాగితాలు లెక్కల పుస్తకాల కింద రావనీ, నోటుపుస్తకంలోని పద్దులు కూడా వేరే ఆధారం లేకుండా ఎవరి మీదా నేరం మోపలేవనీ చెప్పింది. అక్కడి పద్దుల్లో పొడి అక్షరాలూ అంకెలే ఉన్నాయి, కథ లేదు. రీగన్ డైరీలో కథ ఉంది, పద్దుల్లేవు. రెండూ చిట్టా ఆవర్జాలకు సాటిరావు.

డైరీ కోసం కోర్టులో అసలైన కుస్తీ 1990లో పాయిన్‌డెక్స్‌టర్ విచారణలో జరిగింది. నేను చేసినవి అధ్యక్షుడికి తెలుసు, ఆయన డైరీ తెప్పించండి అని ఆయన పట్టుబట్టాడు. జడ్జి హెరాల్డ్ గ్రీన్ ఆ భాగాలను తన గదిలో తానే చదివి, కొన్నింటిని ఇవ్వాలని జనవరి చివర్లో ఆదేశించాడు. రీగన్ విశేషాధికారం అడ్డం వేశాడు. దానిమీద తేలకముందే ఫిబ్రవరి 16, 17 తేదీల్లో లాస్ ఏంజిలస్‌లో మాజీ అధ్యక్షుడి వాంగ్మూలాన్ని వీడియో తీశారు. గుర్తులేదన్న మాట 88 సార్లు వచ్చిందని పత్రికలు లెక్కపెట్టాయి. మార్చిలో గ్రీన్ తన ఆదేశాన్ని తానే వెనక్కి తీసుకున్నాడు. కావాల్సింది వాంగ్మూలంలో వచ్చింది కాబట్టి విశేషాధికారాన్ని పక్కన పెట్టేంత అవసరం లేదన్నాడు. గుర్తులేదన్న మనిషి వాంగ్మూలం, గుర్తుకోసం రాసుకున్న డైరీకి బదులైంది! ఏప్రిల్‌లో జ్యూరీ పాయిన్‌డెక్స్‌టర్‌ను అయిదు ఆరోపణల్లో దోషి అంది. 1991 నవంబర్‌లో పైకోర్టు దాన్ని కొట్టేసింది, కానీ దానికి కారణం డైరీ కాదు. రక్షణ హామీతో కాంగ్రెస్ ముందు ఆయన ఇచ్చిన సాక్ష్యం ప్రభావం విచారణ మీద పడిందని.

డైరీ ఊసు ఎత్తకుండా దాచినవాళ్ల గతి వేరుగా ఉంది. నోట్సు రాసుకునే అలవాటు లేదన్నట్టే వైన్‌బర్గర్ దర్యాప్తు అధికారులకు చెబుతూ వచ్చాడు. స్వతంత్ర ప్రాసిక్యూటర్ లారెన్స్ వాల్ష్ మనుషులు 1991లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఆయనే భద్రపరిచిన కాగితాలు వెతికితే, చిన్న ప్యాడ్ల మీద చేత్తో రాసిన వేల పేజీలు బయటపడ్డాయి. 1992 జూన్‌లో అభియోగపత్రం దాఖలైంది. 1986 జనవరి 7 నోట్సులో, తానూ షుల్ట్జ్ వద్దన్నామనీ, ఉపాధ్యక్షుడు మాత్రం సరేనన్నాడనీ ఉంది. ఆ ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్. 1992 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు, అక్టోబర్ 30న ఆ పేజీ బయటికొచ్చేసరికి ఆయన అధ్యక్షుడిగా రెండోసారి పోటీలో ఉన్నాడు.

బుష్ కూడా 1986 నవంబర్ నుంచి టేపు రికార్డరులో డైరీ చెప్పుకుంటూ వచ్చాడు. నవంబర్ 5న, బందీల వ్యవహారం వివరాలు పూర్తిగా తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ని అని అందులో అన్నాడు. సంబంధిత కాగితాలన్నీ ఇవ్వమని దర్యాప్తు బృందం అడిగింది 1987లో. డైరీ ఉందన్న కబురు వాల్ష్‌కు అందింది 1992 డిసెంబర్ 11న. మరో రెండు వారాలకు, క్రిస్మస్ ముందురోజు, వైన్‌బర్గర్‌తో సహా ఆరుగురికి బుష్ క్షమాభిక్ష పెట్టాడు. వైన్‌బర్గర్ విచారణ జనవరి 5న మొదలవ్వాల్సింది, ఆగిపోయింది.

1993 జనవరిలో ఆ డైరీ ప్రతులు బయటికొచ్చాయి. 1987 జులై 20న చెప్పుకున్న భాగం ఒకటి వాల్ష్ నివేదికలోకి ఎక్కింది. షుల్ట్జ్ అధ్యక్షుడితో జరిగిన సమావేశాల మీద 700 పేజీల నోట్సు పెట్టుకున్నాడనీ, పైగా అదంతా కాంగ్రెస్‌కు అప్పగించాడనీ బుష్‌కు అప్పుడే తెలిసింది. నమ్మలేకపోతున్నాను అంటాడు. నేనైతే అలాంటి కాగితాలు ఎప్పటికీ అప్పగించను, అసలు అంత వివరంగా నోట్సే పెట్టుకోను అని రికార్డరుకు చెప్పుకుంటాడు.