గుండె చుట్టూ గోతం

ఆదివారం పొద్దున గుంటూరులో మా వీధి చివరి మాంసం కొట్టుకు వెళ్లి గుండెకాయ అడిగాను. కొట్టతను మేక రొమ్ములోంచి బయటికి తీసింది గుండెకాయ కాదు, ముత్యం రంగులో మెరుస్తున్న ఒక సంచి. లోపల ఏదో ఉందని తెలుస్తోంది గానీ అదేమిటో కనిపించడం లేదు. కత్తి మొనతో చిన్న గాటు పెట్టాడు. రెండు చెంచాల పలుచని నీరు, లేత పసుపు రంగులో కారింది. గాటులో వేలు దూర్చి చీల్చేసరికి గుండె సులువుగా జారి అరచేతిలోకి వచ్చింది. పైన పెద్ద రక్తనాళాల దగ్గర మాత్రం సంచి అంటుకుపోయి ఉంది, అక్కడ కత్తితో కోయక తప్పలేదు. సంచిని తీసి పక్కనున్న తట్టలో పడేశాడు.

ఆ తట్టలో పడిందే హృదయావరణం. డాక్టర్లు పెరికార్డియం అంటారు. మన గుండెకూ ఇలాంటిదే ఉంది, కట్టిన చోటే కొంచెం వేరు. మేకకు ప్రధానంగా రొమ్ము ఎముకకు కట్టి ఉంటే, మనిషికి అడుగున విభాజక పటలంతో, అంటే ఛాతీని పొట్టను వేరుచేసే కండరపు పొరతో, గట్టిగా కలిసిపోయి ఉంటుంది. రొమ్ము ఎముకకు కూడా కొన్ని పోగులు పట్టి ఉంటాయి. అందుకే లోతుగా ఊపిరి పీల్చినప్పుడు, విభాజక పటలంతో పాటు గుండె కూడా కాస్త కిందికి దిగుతుంది.

ఒకే సంచిలా కనిపించినా ఇందులో రెండు రకాల పొరలున్నాయి. బయటిది దళసరి నార పొర. దాని లోపలిది చాలా సున్నితమైన పొర, అదీ రెండు మడతలుగా ఉంటుంది. సగం ఊదిన బూరలోకి పిడికిలి గుచ్చి చూడండి. పిడికిలిని అంటుకుని ఒక పొర, దాని మీదుగా ఇంకో పొర, మధ్యలో ఖాళీ. గుండె పిడికిలి అనుకుంటే సరిపోతుంది. ఆ ఖాళీలో ఉండే ద్రవం మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్లు. రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకునే గుండెకు చుట్టుపక్కల రాపిడి లేకుండా చేసేది ఈ నాలుగు చెంచాల నీరే.

ఆ పొరలు వాచిపోతే జారుడు పోయి గరుకు వస్తుంది. అప్పుడు స్టెతస్కోపులో కొత్త తోలు చెప్పులు కిర్రుమన్నట్టు వినిపిస్తుంది. వెల్లకిలా పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది, లేచి ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుంది. ఒక్కోసారి నొప్పి భుజం మీద తెలుస్తుంది. మెడలో పుట్టి విభాజక పటలానికి వెళ్లే ఫ్రెనిక్ నాడులు సంచికి అటూ ఇటూ ఆనుకునే దిగుతాయి మరి. (ఇది చదివి, ఛాతీ నొప్పి వస్తే ముందుకు వంగి పరీక్ష చేసుకుంటూ ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి.)

సంచి లోపలే, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనుల వెనక, ఒక చిత్రమైన సందు ఉంది. పిండంలో గుండె మొదట ఒక గొట్టం. అది మెలితిరిగి వంగేసరికి రక్తం వచ్చే కొస, పోయే కొస దగ్గరపడతాయి. ఆ రెంటి నడుమ మిగిలిపోయిన ఖాళీయే ఈ సందు. శస్త్రవైద్యుడు మహాధమని, పుపుస ధమనుల వెనక నుంచి ఇందులో వేలు దూర్చి అటువైపు తేల్చగలడు. ఆ నాళాలను చుట్టి పట్టుకోవడానికి ఆ దారి అక్కరకొస్తుంది.

అసలు కథ బయటి నార పొరది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిరపకాయల గోతం, తొక్కడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. గోతం ఒక మేరకే సాగుతుంది. ఆపైన కుక్కితే కాయ నలుగుతుంది గానీ గోతం పెరగదు. కత్తిపోటు వల్లనో, ప్రమాదంలో దెబ్బ తగిలో సంచిలోకి రక్తం కారిందనుకోండి. 150 నుంచి 200 మిల్లీలీటర్లు, అంటే రెండు చిన్న టీ గ్లాసులు, గబగబా చేరితే చాలు, ప్రాణం పోవచ్చు. నలిగేది ముందుగా పలుచని గోడలున్న కుడివైపు గదులు. అవి విచ్చుకోలేవు, రక్తం లోపలికి రాదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, సంపులోకే నీళ్లు రావు. రక్తపోటు పడిపోతుంది, మెడ సిరలు ఉబ్బుతాయి, గుండె చప్పుడు దూరం నుంచి వచ్చినట్టు మందగిస్తుంది. ఈ మూడు గుర్తులనూ కలిపి 1935లో అమెరికా శస్త్రవైద్యుడు క్లాడ్ బెక్ వివరించాడు. సూదితో కొద్దిగా ద్రవం తీసినా చాలాసార్లు మనిషి అప్పటికి తేరుకుంటాడు.

అదే సంచిలోకి నీరు వారాలు, నెలల తరబడి మెల్లగా ఊరితే లీటరుకు పైగా చేరినా కొందరు నడుచుకుంటూ ఆసుపత్రికి వస్తారు. ప్రాణమున్న గోతం కదా, తీరిక ఇస్తే పెరుగుతుంది. ఎంత నీరు చేరిందన్న దాని కంటే ఎంత వేగంగా చేరిందన్నదే ఇక్కడ ముఖ్యం.

పెరగడానికి బదులు బిగుసుకుపోవడమూ ఉంది. మన దేశంలో దానికి ముఖ్య కారణం క్షయ. మానిన తర్వాత పొరలు ఒకదానికొకటి అతుక్కుని, కొందరిలో సున్నం పేరుకుని పెంకులా తయారవుతాయి. ఆ పెంకును గుండె మీద నుంచి ముక్కముక్కగా ఒలవడం శస్త్రవైద్యంలో కష్టమైన పనుల్లో ఒకటి.

ఇంత చేసే సంచి లేకపోయినా బతకవచ్చు. గుండె ఆపరేషన్ తర్వాత చాలాసార్లు దాన్ని పూర్తిగా కుట్టకుండానే వదిలేస్తారు. దానిలోంచే ముక్క కత్తిరించి గుండె గదుల మధ్య రంధ్రానికి మాసిక వేస్తారు. పశువుల హృదయావరణాన్ని రసాయనాలతో శుద్ధి చేసి, దానితో కృత్రిమ గుండె కవాటాలు కూడా తయారు చేస్తున్నారు.

ఈ చివరి మాట కొట్టతనికి చెప్పాను. కత్తి పక్కన పెట్టి, తట్టలోని సంచిని రెండు వేళ్లతో పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అయితే కిలో ఎంతకు కొంటారు మాస్టారూ?" అన్నాడు.